ఎయిట్ వేయిస్తున్నారు సరే, బండి నడపడం ఎక్కడ నేర్పిస్తున్నారు?

వనస్థలి_వాసి:
మా ఆవిడకు 36 ఏళ్లు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) పరీక్షలో 20 ప్రశ్నలకు 18 రైటు. నెల ఆగి టెస్టుకు స్లాట్ బుక్ చేశాం. స్కూటర్ మీద ఎయిట్ ట్రాక్, అంటే ఎనిమిది అంకెలా గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా తిరిగి రావాలి. మొదటిసారి రెండో వలయంలోకి తిరుగుతూ కాలు కింద పెట్టింది. పది రోజుల తర్వాత మళ్లీ వెళ్తే ఈసారి కాలు పెట్టలేదు కానీ చక్రం గీత దాటింది. ఇంటికొచ్చి బండి తాళం ఫ్రిజ్ మీద పెట్టింది, మూడు వారాలుగా అక్కడే ఉంది.

మా కాలనీ చుట్టుపక్కల నాలుగు డ్రైవింగ్ స్కూళ్లున్నాయి. నాలుగింటిలోనూ అడిగాను. అందరూ కారే నేర్పుతారు. ‘బండికైతే స్లాట్ మేమే బుక్ చేస్తాం, ట్రాక్ దగ్గర బండి ఇస్తాం, మిగతాది మేం చూసుకుంటాం సార్’ అన్నారు. ఆ ‘మిగతాది’ మాకు వద్దు. పోనీ నేనే నేర్పుదామంటే రెండో రోజుకే ఇంట్లో మాటల్లేవు.

అడిగేది ఏమిటంటే, ఎయిట్ ప్రాక్టీసు ఎలా చేయాలి? మూడోసారి కూడా పోతే ఏమవుతుంది? టూవీలర్‌ని నిజంగా నేర్పే చోటు ఎక్కడైనా ఉందా?

ఎక్స్‌ఎల్_బాబాయ్:
మాది తణుకు దగ్గర. నేను నేర్చుకున్నది ఎక్స్‌ఎల్ మోపెడ్ మీద, వెనక బియ్యం బస్తాతో. బస్తా పడిపోతే నాన్న తిడతాడని బ్యాలెన్స్ అదే వచ్చింది. లైసెన్స్ ఆ తర్వాత నాలుగేళ్లకు తీసుకున్నా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ‘అటు వెళ్లి ఇటు రా’ అన్నారు, వచ్చా, అంతే. కాబట్టి మీ ఆవిడ రెండుసార్లు ఫెయిలైందంటే నాకంటే నిజాయితీగా పరీక్ష రాసినట్టే.

రవాణా_రిటైర్డ్:
శాఖలో 31 ఏళ్లు చేశాను, ఎక్కువ కాలం కౌంటర్‌లోనే. రూల్ చెబుతాను.

ఎల్‌ఎల్‌ఆర్‌కు ఆరు నెలల గడువు. తీసుకున్న 30 రోజుల తర్వాతే టెస్టుకు రావాలి. ఫెయిలైతే 7 రోజులు ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు ఫెయిలైతే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణలో దీనికి ఇంకోటి కలిపారు: అలా మూడుసార్లు పోయినవాళ్లు ఏదైనా స్కూల్లో మళ్లీ శిక్షణ తీసుకుని రావాలి. మంచి ఆలోచనే. కానీ వాసి గారు అడిగిన ప్రశ్నే అక్కడా వస్తుంది. టూవీలర్‌కు ఆ శిక్షణ ఇచ్చే స్కూలేదీ?

ఇంకో మాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ రూల్ తీసి చూడండి. టెస్టులో అభ్యర్థి ఏమేం చేసి చూపాలో అందులో వరసగా ఉంటుంది. అద్దం సరిచేసుకోవడం, మలుపు సరిగ్గా తిరగడం, ఓవర్‌టేక్ చేయడం, సిగ్నల్ ఇవ్వడం, అత్యవసరంగా బండి ఆపడం. అదంతా కాగితం మీద ఉంది. నేలమీదికొచ్చేసరికి ఒక ఎనిమిది అంకె మిగిలింది. రోజుకు వచ్చే జనం అంతమంది, ఉండే ఇన్‌స్పెక్టర్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లను మాత్రం ఏమనగలం.

స్కూటీ_పిన్ని:
వాసి గారూ, ఆ తాళం ఫ్రిజ్ మీద నుంచి దించండి ముందు. నేను 42 ఏళ్లకు నేర్చుకున్నాను, మా వారు ఊళ్లో లేనప్పుడు. అదే అసలు రహస్యం.

ఆదివారం పొద్దున్నే స్కూల్ గ్రౌండ్‌కి వెళ్లండి. డబ్బా నిండా ముగ్గుపిండి తీసుకెళ్లండి. ఎనిమిది గీయడం మీ ఆవిడకే వదిలేయండి, మీకంటే గుండ్రంగా వేస్తుంది. ట్రాక్ మీద ఉన్నదానికంటే కాస్త చిన్నగా గీయమనండి. చిన్నది వచ్చాక అసలు ట్రాక్ మైదానంలా కనిపిస్తుంది.

తిరిగేటప్పుడు ముందు చక్రాన్ని చూడకూడదు. అందరూ చేసే తప్పు అదే. చూపు గీత మీద ఉంటే బండి గీత మీదికే పోతుంది. మెడ తిప్పి వలయం అవతలి వైపు చూడాలి. స్కూటర్ అయితే యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి అలాగే ఉంచి, ఎడమ చేత్తో బ్రేకు అంటీ అంటనట్టు పట్టుకోవాలి. వేగం తగ్గించడానికి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి ఒరుగుతుంది, కాలు దానంతటదే కిందికి వస్తుంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు కుడిచేతి బ్రేకు జోలికి వెళ్లొద్దు. నాకు మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో ఆదివారం గ్రౌండ్‌లో క్రికెట్ పిల్లలు నా ఎనిమిదిని పిచ్ చేసుకున్నారు, అప్పటికి నా అవసరం తీరిపోయింది.

గేర్_గణపతి:
గేర్ బండికి: ఫస్ట్ గేరు, హాఫ్ క్లచ్, వెనక బ్రేకు మీద కాలు. అంతే. గేర్ బండి మీదే టెస్టు ఇస్తే మేలు. గేర్ ఉన్న లైసెన్స్‌తో గేర్ లేనిదీ నడపొచ్చు, దానికి తిరుగులేదు. అటు నుంచి ఇటు కుదరదు. మా తమ్ముడికి గేర్ లేని బండి లైసెన్సే ఉంది, స్ప్లెండర్ మీద వెళ్లి డివైడర్‌కి కొట్టుకున్నాడు. బండి డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరించారు. పాలసీతో పాటు వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా, నడిపే ఓనర్‌కు సరైన లైసెన్స్ ఉంటేనే. మనం కాగితం సరిగ్గా చదవం, వాళ్లు చదువుతారు.

డల్లాస్_చిన్నోడు:
టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ బైక్ లైసెన్స్ కావాలంటే ప్రభుత్వం ఆమోదించిన కోర్సు చేయాల్సిందే. 2009 సెప్టెంబర్ నుంచి అన్ని వయసులవాళ్లకూ ఇదే రూలు. 18 నిండి కారు లైసెన్స్ ఉంటే, కోర్సు పాసైనవాళ్లకు రోడ్డు టెస్టు మళ్లీ పెట్టరు.

ఇండియాలో తొమ్మిదేళ్లు పల్సర్ నడిపాను కదా, ఈ కోర్సు నాకెందుకు అనుకుంటూ వెళ్లాను. బండి వాళ్లే ఇస్తారు, చిన్నది. మొదటి గంట ఇంజన్ ఆన్ చేయనివ్వలేదు, తోయించారు. తర్వాత క్లచ్ ఒక్కటే, కాళ్లు నేలకు ఆనించి ముందుకూ వెనక్కూ ఊగడం. నాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నం సడన్ బ్రేకు దగ్గర ఆ నవ్వు పోయింది. కోన్ల మధ్య నుంచి వచ్చి, గుర్తు దగ్గర ఎంత తక్కువ దూరంలో ఆపితే అంత. నాకు వెనక చక్రం జారి బండి పక్కకు వెళ్లింది. ఇన్‌స్ట్రక్టర్ దగ్గరకొచ్చి, ‘కుడిచేతి వేళ్లు అసలు లీవర్ మీదికే రావడం లేదు’ అన్నాడు. నిజమే. తొమ్మిదేళ్లలో ముందు బ్రేకు నేను వాడిందే లేదు. చిన్నప్పుడు మామయ్య ‘ముందు బ్రేకు పట్టావంటే పల్టీ కొడతావు’ అన్నాడు, ఆ మాట చేతిలో ఉండిపోయింది.

వాళ్లు నేర్పింది: బండి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది, ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికై జారుతుంది. గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి (నిమ్మకాయ నా మాట, ఆయనది కాదు). రెండూ కలిపి వేయాలి. రెండో రోజు సాయంత్రానికి నా ఆపే దూరం సగానికి సగం తగ్గిందని నా అంచనా. టేపు పెట్టి కొలవలేదు లెండి.

ఎక్స్‌ఎల్_బాబాయ్:
మా ఊళ్లో ఆ మాట చెప్పని మామయ్య లేడు నాయనా. ఇసుక మీద, పేడ మీద, వరిగడ్డి మీద నడిపే రోడ్లు మావి. అక్కడ ముందు బ్రేకు పడితే పల్టీయే. వాళ్లు చెప్పింది ఆ రోడ్డుకి. మనం హైవే మీద కూడా అదే పట్టుకున్నాం.

బర్మింగ్‌హామ్_బండి:
ఇంగ్లండ్ సంగతి చెప్తా. ఇక్కడ మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు సీబీటీ అని ఒక రోజు శిక్షణ, 1990 నుంచి తప్పనిసరి. అది పరీక్ష కాదు, నువ్వు రోడ్డెక్కడానికి సరిపోతావని ఇన్‌స్ట్రక్టర్‌కి అనిపించేదాకా కాగితం ఇవ్వడు. నాకు రెండు రోజులు పట్టింది. దాంతో 17 దాటినవాళ్లు ఎల్ బోర్డు పెట్టుకుని 125 సీసీ దాకా నడపొచ్చు, వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, రెండేళ్లలో ఫుల్ లైసెన్స్ రాకపోతే మళ్లీ సీబీటీ. పెద్ద బళ్లకు నేరుగా వెళ్లాలంటే 24 ఏళ్లుండాలి.

ఫుల్ లైసెన్స్‌కి థియరీ కాక రెండు ప్రాక్టికల్స్. మొదటి దాంట్లో మన ఎయిట్ కూడా ఉంటుంది. కానీ అది వేడెక్కడానికి మాత్రమే. అసలు పని తర్వాత ఉంది: గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి సడన్‌గా ఆపడం, అదే వేగంతో అడ్డం తప్పించుకోవడం. రెండో దాంట్లో ఎగ్జామినర్ వెనక ఇంకో బండి మీద వస్తూ చెవిలో రేడియోలో దారి చెప్తాడు. నేను మొదటిసారి ఫెయిలైంది అక్కడే. కుడికి తిరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూడలేదు. ఆ చూపుకి ఇక్కడ లైఫ్‌సేవర్ అని పేరు. మన దగ్గర ఆ పని హారన్ చేస్తుంది, అదీ వెనకున్నవాడు కొడితే!

కూకట్‌పల్లి_డెలివరీ:
అందరూ విదేశాల గురించి చెప్తున్నారు, నేను కూకట్‌పల్లి నుంచి చెప్తా. నేను రోజుకు 12 గంటలు బండి మీదే ఉంటా. రెండు రోజుల కోర్సు తప్పనిసరి చేస్తే నాకు రెండు రోజుల సంపాదన పోతుంది, పైన ఫీజు. ఊరి నుంచి వచ్చిన కుర్రాడు ఏం చేస్తాడు? లైసెన్స్ లేకుండానే ఎక్కుతాడు. ఇప్పటికే చాలామంది అలాగే ఎక్కుతున్నారు. పట్టుబడితే 5,000 చలానా, కట్టేస్తారు. ఇంకా గట్టి రూలు పెడితే ఏజెంట్ రేటు పెరుగుతుంది, బ్రేకు వేయడం మాత్రం ఎవరికీ రాదు.

డల్లాస్_చిన్నోడు:
డబ్బు సంగతి నిజమే బ్రో. కాదనను.

వనస్థలి_వాసి:
వాట్సాప్‌లో ఆ మధ్య ఒకటి తిరిగింది, జూన్ 1 నుంచి ఆర్‌టీఓకి వెళ్లక్కర్లేదు, ప్రైవేటు స్కూల్లో నేర్చుకుంటే లైసెన్సే అని. అది జరిగిందా?

రవాణా_రిటైర్డ్:
అది 2024 నాటి ముచ్చట. కేంద్ర మంత్రిత్వ శాఖే అప్పుడు వివరణ ఇచ్చింది, జూన్ 1 నుంచి మారేదేమీ లేదని. అసలు రూలు 2021 జూన్ 7న వచ్చింది, జూలై 1 నుంచి అమలు. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలని కొత్త తరహా పెట్టారు. టూవీలర్, కారు నేర్పాలంటే కనీసం ఎకరం స్థలం, ట్రాక్, సిమ్యులేటర్ ఉండాలి. అక్కడ పాసైనవాళ్లకు ఆర్‌టీఓ దగ్గర టెస్టు ఉండదు. మీ కాలనీలో ఒక గది, ఒక పాత కారుతో నడిచే స్కూలు ఆ కోవలోకి రాదు. వాళ్లు ఇచ్చే ఫారం 5 (నేర్చుకున్నట్టు సర్టిఫికెట్)తో టెస్టు తప్పదు. ఎవరైనా తప్పుతుందని చెబితే, అది ఆ ‘మిగతాది’ కిందికే వస్తుంది.

కూకట్‌పల్లి_డెలివరీ:
సిటీలో ఎకరం స్థలం ఉన్నవాడు అపార్ట్‌మెంట్ కడతాడు సార్, నాకు క్లచ్ నేర్పుతాడా?

రవాణా_రిటైర్డ్:
దానికి నా దగ్గర జవాబు లేదు బాబూ. అందుకే ప్రభుత్వమే తన ట్రాకుల మీద సాయంత్రాలు గంట చొప్పున నేర్పించాలని నేను సర్వీసులో ఉండగానే అనేవాణ్ణి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్లినవాళ్లే.

ఇంటర్_అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా బాబుకు 17. కాలేజీ ఆరు కిలోమీటర్లు. 16 దాటితే లైసెన్స్ ఇస్తారని ఎవరో అన్నారు. నిజమేనా?

గేర్_గణపతి:
ఇస్తారు అక్కా, కానీ గేర్ లేని 50 సీసీ లోపు బండికి, మీ సంతకంతో. ఇప్పుడు షోరూమ్‌లో అలాంటి పెట్రోల్ బండే లేదు. లూనాల కాలం నాటి రూలు. యాక్టివా 110, ఎక్స్‌ఎల్ 100, రెండూ కుదరవు. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల వేగం మించని ఎలక్ట్రిక్ బండికైతే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. వేగం పెంచి ఇస్తామనే షాపువాడి మాట వినకండి, పెంచగానే అది మోటారు వాహనమే. మైనర్ నడుపుతూ దొరికితే కేసు అబ్బాయితో ఆగదు, తల్లిదండ్రులకు గానీ ఓనర్‌కి గానీ 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఇంటర్_అమ్మ:
బస్ పాస్ తీసుకుంటాం.

స్కూటీ_పిన్ని:
వాసి గారూ, తాళం దిగిందా?

వనస్థలి_వాసి:
దిగింది పిన్నిగారూ. ఇది రాసే సమయానికి లైసెన్స్ కూడా వచ్చేసింది. మూడు ఆదివారాలు ముగ్గుపిండి. నన్ను గ్రౌండ్ గేటు బయట నిలబెట్టింది, లోపలికి రానివ్వలేదు. టెస్టు రోజు ముందున్న ఇద్దరు కుర్రాళ్లు కాళ్లు పెట్టారు, ఈవిడ మెడ తిప్పుకుంటూ వెళ్లి వచ్చేసింది.

తర్వాత డల్లాస్ అబ్బాయి రాసింది చదివి వినిపించాను. మర్నాడు అదే గ్రౌండ్‌లో ఇటుక ముక్క గుర్తు పెట్టుకుని 20 స్పీడ్‌తో వచ్చి ఆపడం మొదలుపెట్టింది. పదిసార్లు చేశాక, ‘ఇప్పుడు నువ్వు చెయ్యి’ అంది. నాది 2013 మోడల్ బండి, ముందు డ్రమ్ బ్రేకు. దర్జాగా వచ్చి కుడిచేత్తో లీవర్ పట్టాను. లీవర్ హ్యాండిల్‌కి తగిలింది, బండి మాత్రం ఇటుక దాటి గోల్ పోస్టు దాకా వెళ్లింది. మెకానిక్ కేబుల్ బయటికి లాగి చూపించాడు, లోపల సగం తీగలు తుప్పు పట్టి తెగిపోయి ఉన్నాయి. ‘ఇది ఎన్నేళ్లయింది సార్ పట్టి?’ అన్నాడు.

డల్లాస్_చిన్నోడు:
మీ మామయ్య కూడా అదే చెప్పారా అన్నా?

వనస్థలి_వాసి:
మా నాన్న.