పదో పెళ్ళిరోజు, చేతిలో పదిహేను వందలు: సలహా చెప్పగలరు

కొర్లగుంట వాసి

అందరికీ నమస్కారం. డిసెంబరు మొదటి శుక్రవారం మా పదో పెళ్ళిరోజు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో పద్దులు రాసే పని చేస్తున్నాను. జీతం 26,000 రూపాయలు. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల బడి ఫీజులు, ఊళ్ళో అమ్మకు మందులు, నెలనెలా కట్టే చీటీ పోగా పెళ్ళిరోజు కోసం నేను పక్కన పెట్టగలిగింది 1,500 రూపాయలు మాత్రమే. నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆ డబ్బు పాలకూ కూరగాయలకూ సరిపోతుంది.

గత ఏడాది చేసిన తప్పును నేనే ముందుగా చెప్పుకుంటాను. పెద్ద హోటల్లో భోజనం, మా ఇద్దరి ఫోటో అచ్చు వేయించిన కేకు, వెండి పూత పూసిన ఒక గొలుసు, అన్నీ కలిపి క్రెడిట్ కార్డు మీద 9,400 రూపాయలు ఖర్చు పెట్టాను. ఆ బాకీని వాయిదాల్లోకి మార్చుకుంటే నెలకు 1,160 చొప్పున తొమ్మిది నెలలు కట్టవలసి వచ్చింది. సెప్టెంబరులో చివరి వాయిదా కట్టేనాటికి గొలుసు నల్లబడిపోయింది. ఇక కేకు సంగతి: అమ్మ ముఖం మీద కత్తి పెట్టడానికి వీల్లేదని మా చిన్నది ఒకటే ఏడుపు.

ఈసారి ఏం చేద్దామని అడిగితే నా భార్య ‘ఏమీ వద్దు, మనకెందుకు ఇవన్నీ’ అంటోంది. అయితే మొన్న రాత్రి ఆమె చెల్లెలు ఊటీ వెళ్ళిన ఫోటోలు పంపింది. ఆమె ఒక ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, చెల్లెలి చీర అంచును చాలాసేపు చూసి, ఫోను పక్కన పెట్టి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను చూశానని ఆమెకు తెలియదు. అప్పు చేయకుండా, అలాగని చేతకాక సరిపెట్టినట్టు ఆమెకు అనిపించకుండా ఆ రోజును ఎలా జరుపుకోవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత లెక్కల మాస్టారు

నాయనా, పెళ్ళి పేరుతో అప్పు చేసినవాడివి ఈ ఊళ్ళో నువ్వు మొదటివాడివి కాదు. మన స్వామివారే కుబేరుడి దగ్గర అప్పు తీసుకొని పద్మావతమ్మను పెళ్ళాడారనీ, ఆ వడ్డీ ఇప్పటికీ తీరలేదనీ, కానుకల రాశులను కొలిచి కొలిచి అలసిపోయిన అన్నగారు గోవిందరాజస్వామి ఆ కుంచాన్నే తల కింద పెట్టుకొని పడుకున్నారనీ మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అయితే ఆయన అప్పు చేసింది పెళ్ళికే గాని, ఏటేటా వచ్చే పెళ్ళిరోజులకు కూడా చేసినట్టు నేను ఎక్కడా వినలేదు.

ఆ కథలోనే నీకు పనికివచ్చే భాగం ఇంకొకటి ఉంది. నారాయణవనంలో పెళ్ళి జరిగిన తరువాత కొత్త దంపతులు వెంటనే కొండ ఎక్కకూడదని అగస్త్య మహర్షి చెప్పగా, వారు ఆరు నెలలు ఆయన ఆశ్రమంలోనే ఉన్నారంటారు. ఆ చోటే నేటి శ్రీనివాస మంగాపురం. కొత్తగా పెళ్ళైనవారు అక్కడి కల్యాణ వెంకటేశ్వరస్వామిని దర్శించుకోవడం మన వైపు వాడుక. పదేళ్ళ దంపతులు వెళ్తే వద్దనేవారు ఎవరూ లేరు. ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి, ఆధార్ కార్డు వెంట తీసుకెళ్ళమని మీ ఇంట్లో చెబితే టికెట్టు ఖర్చు నీ ఒక్కడిదే, మహా అయితే పిల్లవాడిది. దర్శనం అయ్యాక అటునుంచి చంద్రగిరి కోటకు వెళ్ళి, రాజమహలు, రాణీమహలు చూసి, చెట్టు నీడన కాసేపు కూర్చోండి.

మేము 1984లో తొలి పెళ్ళిరోజున కపిలతీర్థం వెళ్ళాం. వానలు బాగా పడి కొండ మీద నుంచి నీళ్ళు హోరుమని దూకుతున్నాయి. అరిటాకులో కట్టుకొచ్చిన చిత్రాన్నం సగం తడిసింది, మా ఆవిడ చెప్పు ఒకటి వరదకాలువలో కొట్టుకుపోయింది. తిరుగుదారిలో రెండో చెప్పు కూడా చేత పట్టుకొని ఇంటి దాకా ఉత్తకాళ్ళతో నడిచింది. నలభై ఏళ్ళు దాటినా ఆ చెప్పు ఊసు మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లైనా వస్తుంది. ఈ నెలలో నువ్వు కూడా అక్కడికి వెళ్ళవచ్చు గాని, నీటి ఉధృతి ఎక్కువగా ఉన్నప్పుడు స్నానాలకు దిగనివ్వరు.

మెట్లదారి

మాస్టారి మాటకు ఒక్క సవరణ. చంద్రగిరి కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం పెట్టుకోండి, పిల్లలకు బడి కూడా ఉండదు.

చిత్తూరు ఆడపడుచు

అన్నయ్యగారూ, ‘ఏమీ వద్దు’ అన్న మాటకు అర్థం చెప్పే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. గత ఏడాది తొమ్మిది నెలలు మీరు వాయిదా కట్టినప్పుడు ఇంట్లో ఏ ఖర్చు తగ్గింది? దాన్ని తగ్గించింది ఎవరు? నాకు తెలిసినంతలో ఆడవారు ‘వద్దు’ అనేది కోరిక లేక కాదు, ఆ కోరిక తీరిన తరువాత వచ్చే లోటును పూడ్చవలసింది తామేనని తెలిసి అంటారు. అందుచేత మీరు ముందుగా ఆమె ముందు పెట్టవలసింది కానుక కాదు, 1,500 రూపాయల నగదు. ‘ఇది అప్పు కాదు, ఇంటి ఖర్చులోంచి తీసింది కాదు, దీనికి మించి ఒక్క రూపాయి ఖర్చు పెట్టను’ అని చెప్పి చూడండి, ఆ ‘వద్దు’ ఎంత మెత్తబడుతుందో.

రెండో మాట. మా ఇంట్లో పెళ్ళిరోజంటే ఒకప్పుడు నేను తెల్లవారుజామున ఐదింటికి లేచి పొంగలి, వడలు, ఓళిగలు చేసి, మధ్యాహ్నం దాకా పొయ్యి దగ్గరే ఉండేదాన్ని. సాయంత్రం తీసిన ఫోటోలన్నిటిలోనూ నాకు నిద్రమొహమే. పండుగ పేరుతో పని రెట్టింపయ్యే ఇంట్లో, ఆ రోజు ఆమెను వంటింట్లోకి రానివ్వకపోవడానికి మించిన కానుక లేదు, దానికి ఖర్చూ లేదు. అయితే కొత్తగా గరిటె పట్టినవారు రాగి సంగటి జోలికి పోవద్దు, ఉండలు కడితే ఆమే లేచి వచ్చి తెడ్డు అందుకుంటుంది. ఇది అనపకాయల (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ) కాలం కదా, పితికిపప్పు చేయండి. ముందురోజు కాయలు ఒలిచి గింజలను రాత్రంతా నానబెట్టండి. మర్నాడు ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు చేతిలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. మసాలా మామూలే: ధనియాలు, కొబ్బరి, చెక్క, లవంగం, కాస్త గసగసాలు. కిలో కాయలు ఒలిచి పితకడానికి గంటకు పైగా పడుతుంది, ఆ గంటలో చేతులకు పని ఉంటుంది గాని నోటికి ఉండదు. మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ పితికిపప్పు దగ్గరే తేలతాయి.

మల్లెపూలు మాత్రం అడగవద్దు. చలికాలంలో అవి దొరకడమే అరుదు, దొరికినా మూర ధర వింటే గుండె ఆగుతుంది. పైగా పూలమ్మి మోచేయి మన మోచేయి కన్నా ఎప్పుడూ పొట్టిదే. కనకాంబరాలో చామంతులో తీసుకోండి.

చివరిగా ఆ చీర అంచు విషయం. ఆమె చూసింది ఊటీని కాదనే నా అనుమానం. పది మందికి జాకెట్లు కుట్టే మనిషికి తన జాకెట్టు కుట్టుకునే తీరిక ఉండదు. ఆమె పెళ్ళిచీర బీరువాలో పదిలంగానే ఉంటుంది గాని, పదేళ్ళ నాటి జాకెట్టు ఇప్పుడు పట్టదు. ఆ చీరకు సరిపోయే గుడ్డ తెచ్చి, వేరొకరి చేత కుట్టించి ఇవ్వండి. కొత్త చీర కన్నా అదే ఎక్కువ పనికివస్తుంది.

పద్దుల పుస్తకం

పైవారి సలహాలు బాగున్నాయి గాని, నేను పూర్తిగా ఏకీభవించలేను. ఉన్నదాంతో సరిపెట్టుకోవడాన్ని మనం మరీ గొప్పచేసి మాట్లాడుకుంటున్నామేమో అనిపిస్తోంది. పదేళ్ళకు ఒకసారైనా ఆమెకు మదనపల్లె దగ్గరి నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టుచీర కట్టుకోవాలని ఉంటే అది అత్యాశ కాదు. తప్పు ఖర్చులో లేదు, ఖర్చు ముందు, కూడబెట్టడం తరువాత కావడంలో ఉంది. ఊళ్ళో వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటే మనం భయపడి వెనక్కి వస్తాం, ఏడాదికి 36 అవుతుందని లెక్క కూడా వేస్తాం. చాలా క్రెడిట్ కార్డుల మీద బాకీ మిగిల్చితే పడే వడ్డీ కూడా నెలకు నూటికి మూడు రూపాయలకు తక్కువేమీ కాదు, అయినా కార్డు గీసేటప్పుడు మన చెయ్యి వణకదు. మీరు వాయిదాల్లోకి మార్చుకోవడం వల్ల కొంత తప్పించుకున్నారు, అయినా 9,400కు 10,440 కట్టారు.

నాకు అర్థం కానిది ఒకటుంది. నెలకు 1,160 చొప్పున తొమ్మిది నెలలు కట్టగలిగినవారు, సెప్టెంబరులో వాయిదాలు ముగిశాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ డబ్బు ఎక్కడికి పోయిందో రాయలేదు. దాన్ని వెతకండి. అందులో 300 దొరికినా వచ్చే పెళ్ళిరోజుకు 3,600 అవుతుంది. పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) నెలకు 100 రూపాయలతోనే మొదలవుతుంది గాని దాని గడువు ఐదేళ్ళు, కాబట్టి అది పదిహేనో పెళ్ళిరోజు పట్టుచీరకు పనికివస్తుంది. వచ్చే ఏటికి మాత్రం బ్యాంకులో ఏడాది గడువుది తెరవండి, లేదా ఒక డబ్బా పెట్టుకోండి. దీనికోసం ఇంకో చీటీ మాత్రం వేయవద్దు, అవసరపడి ముందే పాడుకుంటే సగం సంబరం తోపుడులోనే, అంటే పాటలో వదులుకునే సొమ్ములోనే పోతుంది.

వచ్చే ఏడాదికి నా సలహా తిరుమల కల్యాణోత్సవం. టికెట్టు దంపతులిద్దరికీ కలిపి 1,000 రూపాయలు. మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు, చూస్తుండగానే అయిపోతాయి, అందుకే తేదీ ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఓపిక ఉంటే శ్రీవారి మెట్టు మీదుగా 2,388 మెట్లు ఎక్కి వెళ్ళవచ్చు, భోజనం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఉచితం.

కొర్లగుంట వాసి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పెళ్ళిరోజు గడిచి వారం అయింది.

చిత్తూరు అక్కయ్యగారు చెప్పినట్టు డబ్బు తీసి ఆమె ముందు పెట్టి, అక్కయ్యగారి ప్రశ్ననే అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ తొమ్మిది నెలలూ రాత్రిపూట తాను పాలు మానేశాననీ, పిల్లలకు తగ్గించలేదనీ చెప్పింది. పద్దులు రాయడమే నా వృత్తి, ఈ పద్దు మాత్రం నా కంటపడలేదు.

జాకెట్టు గుడ్డ 180 రూపాయలకు దొరికింది. ఆమెకు తెలియకుండా ఆమె పాత జాకెట్టు ఒకటి కొలతకు తీసుకెళ్ళి వేరే చోట 200 ఇచ్చి కుట్టించాను. శుక్రవారం ఉదయం ఇస్తే తొడుక్కొని చూసి, ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందకీ ఉందని అద్దం ముందు నిలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేంతగా నవ్వింది. ‘ఇది కుట్టినదానికి కూలి కూడా ఇచ్చారా’ అని అడిగి, అక్కడికక్కడే కుట్లు విప్పి అరగంటలో సరిచేసుకుంది. ఆ రోజు ఆమె చేత పని చేయించకూడదని మీరు చెప్పిన మాట ఆ విధంగా తప్పాను. సాయంత్రం పితికిపప్పు మాత్రం నేనే చేశాను. పిల్లలు కూడా పితకడానికి కూర్చున్నారు, ఒక గింజ ఎగిరి మా వాడి కంట్లో పడింది, ఉప్పు కాస్త ఎక్కువైంది, అయినా గిన్నెలో ఏమీ మిగల్లేదు.

ఆదివారం ఆమె పెళ్ళిచీర కట్టుకొని మంగాపురం వచ్చింది. బస్సులో కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్టును పర్సులో దాచుకుంది. కోటలో రాణీమహలు ముందు మా చిన్నది ఫోటో తీసింది, తలలు సగం పోయాయి గాని చీర అంచు మొత్తం పడింది. ఆమె ఆ ఫోటోనే చెల్లెలికి పంపింది.

పద్దుల పుస్తకం గారూ, ఆ 1,160లో 700 పిల్లవాడి బడి ఆటోకు పోతోంది, మిగిలింది సాయంత్రం టీ, బజ్జీల కింద నా జేబులోంచే జారిపోతోందని తేలింది. ఖర్చు అన్నీ కలిపి 1,180 అయింది, 320 మిగిలాయి. వాటిని పాత పాలపొడి డబ్బాలో వేస్తే, ఆమె దాని మీద కాగితం అతికించి ‘కుంచం’ అని రాసింది. మర్నాడు తీసి చూస్తే అందులో 500 ఉన్నాయి. ఆ పైన వేసిన 180 ఏ జాకెట్టు కూలి డబ్బో నేను అడగలేదు.