సీసీఎస్2 గన్, జీబీ/టీ కారు: 21 వేల అడాప్టర్ పెట్టినా ఛార్జింగ్ ఎక్కట్లేదు

జిరాక్స్ బాబు, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరంలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. రెండు నెలల క్రితం ఒక పాత ఎలక్ట్రిక్ సెడాన్ కొన్నాను. ఏదో ప్రభుత్వ ఆఫీసులో తిరిగిన బండి. వేలంలో ఒకాయన పాడుకుంటే ఆయన దగ్గర్నుంచి లక్షా తొంభై వేలకి నాకొచ్చింది. కంపెనీ పేరు రాయను. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు కదా.

ఊళ్లో తిరగడానికి బండికి వంక పెట్టలేం. రాత్రి షాపు కట్టేసి వచ్చి 15 యాంప్స్ ప్లగ్గుకి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. ఏసీ వేయకపోతే 90 కిలోమీటర్లు వస్తుంది, వేస్తే 75. గొడవంతా పలాస దగ్గరొచ్చింది. మా చెల్లిని పలాస ఇచ్చాం. వచ్చే నెల మేనల్లుడికి అన్నప్రాశన. మేనమామని, ఈ కార్లోనే వస్తానని ఫోన్లో గొప్పలు పోయాను. మా ఊరి నుంచి నాతవలస మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్తే 70 కిలోమీటర్లు, అక్కణ్నుంచి పలాస ఇంకో 75. అంటే దార్లో ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ పెట్టాల్సిందే.

ఈ కారుకి ఫాస్ట్ ఛార్జింగ్ సాకెట్ గుండ్రంగా, తొమ్మిది పిన్నులతో ఉంది. దాన్ని జీబీ/టీ అంటారని తర్వాత తెలిసింది. హైవే మీద నాకు కనబడిన ఛార్జర్లన్నిటికీ ఉన్నది సీసీఎస్2 అనే వేరే రకం గన్ (కారుకి గుచ్చే ప్లగ్గు). దాంతో సీసీఎస్2 నుంచి జీబీ/టీకి మార్చే అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్లో 21 వేలు పోసి తెప్పించాను. ఇటుకంత బరువుంది. పక్కన యూఎస్‌బీ రంధ్రం, ఒక బటన్, ఒక చిన్న లైటు ఉన్నాయి. కాగితం మీద ఉన్నదంతా చైనా భాషే, బొమ్మలు చూసి అర్థం చేసుకున్నాను.

పోయిన ఆదివారం రణస్థలం దాటాక ఒక హోటల్ ఆవరణలో ఉన్న ఛార్జర్ దగ్గర పెట్టి చూశాను. ముందు అడాప్టర్ కారుకి, తర్వాత గన్ అడాప్టర్‌కి. యాప్‌లో స్టార్ట్ నొక్కాను. టక్కున లాక్ పడిన చప్పుడు వచ్చింది. స్క్రీన్ మీద కనెక్టింగ్ అని సుమారు 40 సెకన్లు తిరిగి, కమ్యూనికేషన్ ఎర్రర్ అని ఆగిపోయింది. మూడుసార్లు చేసినా అంతే. అడాప్టర్ మీద లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. నా వెనక ఇంకో కారాయన కొత్త బండిలో వచ్చి అదే గన్ పెట్టుకుని పది నిమిషాల్లో దోసె తినేసి వచ్చాడు. ఆయనకి బాగానే ఎక్కింది.

అడాప్టర్ చెడిపోయిందా, కారులోనే తేడా ఉందా? ఎక్కణ్నుంచి వెతకాలో చెప్పండి.

---

చీపురుపల్లి ఈవీ

అన్నా, వెనక కారుకి ఎక్కిందంటే గన్ బాగున్నట్టే. అక్కడితో సగం పని తేలింది.

లైటు వెలగలేదన్నారు కదా, ముందు దాని సంగతి చూడండి. ఈ రకం అడాప్టర్ ఉత్త పిన్నుల మార్పిడి కాదు. సీసీఎస్2 గన్ కంట్రోల్ పైలట్ అనే ఒక్క తీగ మీదే కారుతో మాట్లాడుతుంది. జీబీ/టీ కార్లు అలా కాదు, క్యాన్ అనే రెండు తీగల మీద మాట్లాడతాయి. ఆ మాటని ఈ మాటలోకి మార్చడానికి లోపల చిన్న బోర్డు ఉంటుంది. గన్ నుంచి కరెంటు రాకముందే అది మేలుకోవాలి కాబట్టి చాలా అడాప్టర్లలో సొంత బ్యాటరీ పెడతారు. అది నెలల తరబడి గోడౌన్‌లో పడుంటే పూర్తిగా దిగిపోతుంది. ఫోన్ ఛార్జర్‌తో ఆ యూఎస్‌బీకి రెండు గంటలు పెట్టి, బటన్ నొక్కి పట్టుకోండి. లైటు వస్తే సంతోషం.

ఇంకోటి, గన్ కేబుల్ బరువు. మామూలు కారుకే గన్ కిందికి వాలుతుంది. మీకు మధ్యలో ఇటుక ఉంది. స్టార్ట్ కొట్టాక మొదటి అర నిమిషం గన్ని కింద నుంచి రెండు చేతులతో ఎత్తి పట్టుకోండి. పిన్ను ఒక పక్క లూజైనా ఆ పలకరింపులు మధ్యలో తెగిపోతాయి. నా సొంత కారుకి ఎలాంటి అడాప్టరూ లేకుండానే నాకిది రెండుసార్లు జరిగింది.

---

సోంపేట కుర్రోడు

బ్రో, మా ఫ్రెండ్‌కి తెలిసిన మెకానిక్ ఉన్నాడు. బోర్డూ గీర్డూ లేకుండా ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ డైరెక్ట్‌గా కలిపి ఇస్తాడంట. నాలుగు వేలే. ట్రై చేయొచ్చు.

---

లైన్‌మేన్ రిటైర్డ్, టెక్కలి

ఒరే అబ్బాయ్, ఆ మెకానిక్ దగ్గరికి నువ్వు పోకు, ఇంకొకరిని పంపకు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కినవాణ్ని, చెప్తే వినండి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది, అందుకే మెరుపు రేగినా ఆరడానికి ఒక సందు దొరుకుతుంది. ఈ ఫాస్ట్ ఛార్జర్ గన్నులో వచ్చే డీసీకి ఆ సందు లేదు. లోడు మీద ఊడదీశావా, ఆ మంట గన్నుకీ సాకెట్‌కీ మధ్య సాగుతూ అలాగే నిలబడుతుంది, రాగి కరిగిపోతుంది. గన్ను, కారు మాట్లాడుకున్నాకే కరెంటు వదిలేది, లాక్ పడేది ఇందుకే. ఆ మాటలు తీసేసి ఉత్త తీగ కలుపుతానంటే వాడు మెకానిక్ ఏటి బాబూ.

జిరాక్స్ బాబూ, చీపురుపల్లి అబ్బాయి చెప్పింది చేసి చూడు.

---

జిరాక్స్ బాబు, విజయనగరం

చేశాను. యూఎస్‌బీకి రాత్రంతా పెడితే పొద్దున్నే పచ్చ లైటు వచ్చింది! చీపురుపల్లి తమ్ముడికి థాంక్స్.

నిన్న ఎడమ చేత్తో గన్ మోస్తూ, కుడి చేత్తో ఫోన్ నొక్కుతూ అదే హోటల్ దగ్గర మళ్లీ పెట్టాను. వాచ్‌మేన్ జాలిపడి తనూ ఒక చెయ్యి వేశాడు. ఈసారి కమ్యూనికేషన్ ఎర్రర్ రాలేదు. కనెక్టింగ్ అయింది, ప్రిపేరింగ్ అయింది, అమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఈవీ పారామీటర్ ఎర్రర్ అని ఆగింది. శ్రీకాకుళం దాకా వెళ్లి వేరే కంపెనీ ఛార్జర్‌కి పెట్టాను. అక్కడ వోల్టేజ్ మిస్‌మ్యాచ్ అంది. తిరిగి రావడానికి అక్కడే ఒక టీ కొట్టు ప్లగ్గు బతిమాలి ఆరు గంటలు కూర్చున్నాను. వాళ్ల ఫ్రిజ్ తీసి నా కారు పెట్టారు. టీలు, బజ్జీలు, కరెంటు అన్నీ కలిపి మూడొందలయింది.

---

గన్ డాక్టర్

నేను ఆనందపురం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే ఛార్జర్ల మెయింటెనెన్స్ చూస్తాను. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం.

బాబుగారూ, ఇంకెక్కడా పెట్టకండి. డ్రైవర్ డోర్ తీస్తే స్తంభం మీదో, బానెట్ కిందో ఒక ప్లేటు ఉంటుంది. అందులో బ్యాటరీ వోల్టేజ్ ఎంత రాసుందో చూసి చెప్పండి. నా అనుమానం 72.

---

జిరాక్స్ బాబు, విజయనగరం

72 వోల్ట్సే. మీకెలా తెలుసు సార్?

---

గన్ డాక్టర్

ప్రభుత్వ ఆఫీసులో తిరిగిన సెడాన్ అన్నప్పుడే తట్టింది. 2017లో మన దేశంలో భారత్ డీసీ-001 అని ఒక ఛార్జర్ ప్రమాణం పెట్టారు. 15 కిలోవాట్లు, జీబీ/టీ గన్, 48 నుంచి 72 వోల్టుల బండ్ల కోసం. ప్రభుత్వ ఆఫీసుల కోసం ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 10 వేల ఎలక్ట్రిక్ కార్లకి టెండర్ పిలిచిందీ ఆ ఏడాదే. మీ బండి ఆ కాలానిది. 2020లో టాటా నెక్సాన్ ఈవీ వచ్చింది, దాని బ్యాటరీ 300 వోల్టుల పైన, గన్ సీసీఎస్2. ఆ తర్వాత హైవే మీద పెట్టిన ఛార్జర్లు ఆ తరహా కార్లని చూసి పెట్టినవి.

ఇప్పుడు మీ ఎర్రర్ చూడండి. మొదట అడాప్టర్ నిద్రలో ఉంది కాబట్టి మాటే కలవలేదు. అది మేలుకున్నాక మాట కలిసింది. కలవగానే కారు "నాకు 72 వోల్టులు చాలు" అంది. సీసీఎస్2 ఛార్జర్ మామూలుగా 150 నుంచో 200 నుంచో మొదలవుతుంది, అంతకంటే కిందికి దిగలేదు. కాబట్టి పెట్టనంది. రెండు కంపెనీల స్క్రీన్లు రెండు రకాలుగా చెప్పాయి గానీ సంగతి ఒకటే. మీ అడాప్టర్ మంచిదే, మీ కారూ మంచిదే. ఇది చైనాలో తిరిగే 300, 400 వోల్టుల జీబీ/టీ కార్ల కోసం చేసిన అడాప్టర్. అది భాష మారుస్తుంది, వోల్టేజ్ మార్చదు.

మీ అదృష్టం ఒకటి చెప్పాలి. ఛార్జింగ్ మొదలయ్యే ముందు కేబుల్లో లీకేజీ ఉందేమో చూడటానికి గన్ 500 వోల్టుల దాకా వదిలి పరీక్షిస్తుంది. అప్పటికి కారు లోపలి కాంటాక్టర్లు, అంటే బ్యాటరీని కలిపే స్విచ్‌లు, ఆఫ్‌లోనే ఉండాలి కాబట్టి మామూలుగా ఏమీ కాదు. కానీ 72 వోల్టుల కోసం చేసిన వైరింగుతో ఆ పరీక్షదాకా వెళ్లకుండా ముందే ఆగడం మంచిదయింది. సోంపేట తమ్ముడు చెప్పిన నాలుగు వేల సరుకైతే ఈపాటికి కథ వేరేలా ఉండేది.

---

జిరాక్స్ బాబు, విజయనగరం

సిగ్గుగా ఉంది. షాపుకొచ్చే కస్టమర్లకి రోజుకి రెండుసార్లు నేనే చెప్తాను: "కార్ట్రిడ్జ్ స్లాట్లో పట్టింది కదా అని ప్రింట్ రాదు సార్, మీ మోడల్ నంబర్ చూసి కొనాలి" అని. అదే నేను డోర్ తీసి ప్లేటు చూసుకోలేదు.

మరి దీనికి సరిపడే 15 కిలోవాట్ల గన్ మన వైపు ఎక్కడైనా ఉందా?

---

గన్ డాక్టర్

నేను తిరిగే దారిలో పనిచేసేది ఒక్కటీ లేదు. ఉన్నా మీకు పెద్దగా ఒరిగేది లేదు. 72 వోల్టుల మీద 15 కిలోవాట్లు రావాలంటే 200 యాంపులు ఇవ్వాలి, పాత బ్యాటరీ అంత తీసుకోదు. అడాప్టర్ వాపస్ చేసేయండి. శ్రీకాకుళంలో మనవాళ్లింట్లో ప్లగ్గు చూసుకోండి.

---

సోంపేట కుర్రోడు

అంకుల్ తిట్టిన తిట్టుకి మెకానిక్ నంబర్ డిలీట్ చేశా. ఒక డౌట్ సార్. నా స్కూటర్‌కి టైప్ 2 (ఏసీ ఛార్జింగ్ పాయింటు గన్) నుంచి త్రీ పిన్ ప్లగ్గు అడాప్టర్ ఉంది. ఫాస్ట్ ఛార్జర్ గన్ పైభాగం కూడా టైప్ 2 లాగే ఉంటుంది కదా, దానికి పెట్టొచ్చా?

---

గన్ డాక్టర్

ఆకారం అదే గానీ లోపల చూడు. డీసీ గన్ పైభాగంలో ఫేజ్, న్యూట్రల్ ఉండాల్సిన చోట రాగి ఉండదు. ఎర్త్, రెండు సిగ్నల్ పిన్నులు మాత్రమే. కరెంటంతా కింద ఉన్న రెండు లావు పిన్నుల్లోంచే వస్తుంది. నీ అడాప్టర్ ఏసీ ఛార్జింగ్ పాయింటుకే పనికొస్తుంది.

---

లైన్‌మేన్ రిటైర్డ్, టెక్కలి

జిరాక్స్ బాబూ, చుట్టాలింట్లో ప్లగ్గు అంటున్నావు కాబట్టి ఒక మాట. మూడొందలు పెట్టి మల్టీమీటర్ కొనుక్కో. ఏసీ వోల్టుల మీద పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడు, 230 దగ్గర ఉండాలి. తర్వాత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడు, రెండు మూడు వోల్టులు దాటకూడదు. పాతికా ముప్పై చూపిస్తే ఎర్త్ గొయ్యి ఎండిపోయిందన్నమాట, లేదా ఎర్త్ తీగ ఎక్కడో ఊడి గాల్లో ఉంది. పాత ఇళ్లలో ఇది మామూలే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడకు. అరగంటకోసారి ప్లగ్గు టాప్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి ఆనించలేకపోతే తీసెయ్.

---

జిరాక్స్ బాబు, విజయనగరం

వెళ్లొచ్చాను, అందుకే ఆలస్యం.

అన్నప్రాశనకి ముందురోజు తెల్లారగట్ల ఐదింటికి బయల్దేరి, గంటకి 50 దాటకుండా, ఏడు కాకుండానే శ్రీకాకుళం చేరాను. మా పెద్దమ్మగారింట్లో మీటర్ పెడితే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 38. పెరట్లో ఎర్త్ గొయ్యి ఎక్కడుందో పెద్దమ్మకే తెలీదు. తులసికోట వెనక పాత డబ్బాలు తీస్తే కింద దొరికింది, మట్టి పొడి పొడిగా ఉంది. నాలుగు బిందెలు నీళ్లు పోశాను. కాసేపాగి చూస్తే 9, ఇంకో రెండు బిందెలకి 3. టెక్కలి బాబాయ్‌గారూ, మీకు దండం. పెద్దమ్మ కూడా అంది, ఇన్నాళ్లూ వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమనేదట.

ఐదున్నర గంటలు పెట్టాను. ప్లగ్గు వెచ్చబడింది గానీ కాలలేదు. మధ్యలో ఆటోలో అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకొచ్చాం, భోజనం చేశాం. ఒంటిగంటకి బయల్దేరి ఏసీ లేకుండా, పిల్లలు నన్ను తిడుతూ ఉండగా, మూడింటికి పలాసలో చెల్లి గుమ్మం ముందు ఆపాను. 13 శాతం మిగిలింది.

మా బావ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పాసింజర్ బండెక్కినా టిఫిన్ టైముకి వచ్చేవాడివి కదా బావా" అన్నాడు.

అడాప్టర్ వాపస్ తీసుకున్నారు. కొరియర్ ఖర్చు నాదే, 640.