ఆఫీసు సిస్టమ్స్‌లో ఫైళ్లు సి, డి డ్రైవ్‌లలో సేవ్ చేయకుండా ఆపడం ఎట్లా?

ప్రశ్న: ఒంగోలు సిస్టమ్స్

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. మొత్తం 16 సిస్టమ్స్, అన్నీ విండోస్ 11 ప్రో. సర్వర్, డొమైన్ (అన్ని సిస్టమ్స్ లాగిన్‌లూ సర్వర్ నుంచే నడిచే ఏర్పాటు) ఉన్నాయి. రోజూ రాత్రి సర్వర్ బ్యాకప్ అవుతుంది. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు మార్చి మార్చి వాడతాను, ఒకటి ఎప్పుడూ ఓనర్ గారింట్లోనే ఉంటుంది. ఇంత చేసి కూడా పోయిన నెల దెబ్బ తిన్నాం.

చీమకుర్తి క్వారీ నుంచి వచ్చే కొలతల షీట్లు చూసే మేడం ఒకరున్నారు. బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, గ్రాస్ ఎంత, అలవెన్స్ తీసేస్తే నెట్ ఎంత, అన్నీ ఆవిడ ఎక్సెల్‌లోనే. అదంతా సర్వర్‌లో ఉందనే నేను అనుకుంటున్నా. ఆవిడేమో డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసుకుని అందులో పెట్టుకున్నారు. ఒక సోమవారం పొద్దున హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని శబ్దం చేసింది, మధ్యాహ్నానికి ఇక కనపడలేదు. మూడేళ్ల షీట్లు. డేటా రికవరీకి చెన్నై పంపితే సగం కూడా తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆవిడ క్వారీ నుంచి చేతిరాత పుస్తకాలు తెప్పించుకుని మళ్లీ మొదటి నుంచి టైప్ చేస్తున్నారు. వానకు తడిసిన పేజీల్లో పెన్సిల్ అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. 3 ఏదో 8 ఏదో తెలియక, పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. సాయంత్రం ఆరు దాటాక కూడా ఆవిడ అట్లా కూర్చుని ఉంటే నాకు ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదు. బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉన్నది నేను. అందులో ఎవరి ఫైళ్లు ఉన్నాయో, ఎవరివి లేవో చూసుకోవాల్సింది కూడా నేనే.

గ్రూప్ పాలసీలో, అంటే సర్వర్ నుంచే అన్ని సిస్టమ్స్‌కూ సెట్టింగులు పెట్టే చోట, డ్రైవ్‌లు కనపడకుండా చేసే సెట్టింగ్ పెట్టాను. రెండో రోజే ఒకతను సేవ్ బాక్సులో డి కోలన్ అని టైప్ చేసి లోపలికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు అంతా డెస్క్‌టాప్ మీద పెట్టడం మొదలుపెట్టారు. పూర్తిగా ఆపే దారి ఉందా? మా వాళ్లను దొంగల్లా చూస్తున్నట్టు అనిపించకూడదు, అది నాకు ముఖ్యం.

జవాబు: నెల్లూరు ల్యాబ్

అన్నా, నేను నెల్లూరులో ఒక కాలేజీలో ల్యాబ్ చూస్తాను. మీరు పెట్టిన సెట్టింగ్ డ్రైవ్ గుర్తును దాచిపెడుతుంది, అంతే. దాని పక్కనే యాక్సెస్ ఆపే సెట్టింగ్ ఇంకొకటి ఉంది. అది పెడితే టైప్ చేసినా ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకోదు. అయినా అది కూడా అసలు తాళం కాదు. వేరే ప్రోగ్రాముల్లోంచి వెళ్లే దారులు ఉంటాయి. తాళమంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లే, అంటే ఏ ఫోల్డర్‌ను ఎవరు చూడొచ్చో, ఎవరు అందులో రాయొచ్చో డ్రైవ్ మీదే పెట్టే హక్కులు. డి డ్రైవ్ సెక్యూరిటీలో ఆథెంటికేటెడ్ యూజర్స్ అనే గ్రూపుకు (లాగిన్ అయిన అందరూ) మామూలుగా మాడిఫై, అంటే రాసే, మార్చే హక్కు ఉంటుంది, దాన్ని తీసేయండి. యూజర్స్‌కు చదివే హక్కు మిగులుతుంది, పాత ఫైళ్లు చూసుకోగలరు. ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు డినై (నిషేధం) మాత్రం పెట్టొద్దు, అడ్మిన్ అకౌంట్ కూడా ఆ గ్రూపులోదే కాబట్టి మీకే లోపలికి దారి ఉండదు.

సి డ్రైవ్‌ను డి లాగా బిగించడం కుదరదు. యూజర్ ప్రొఫైల్, టెంప్ ఫోల్డర్ అన్నీ అక్కడే, రాయనివ్వకపోతే ఎక్సెల్ కూడా సరిగా నడవదు. దానికి ఫోల్డర్ రీడైరెక్షన్ పెట్టండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ సర్వర్ షేర్‌కు మళ్లించారంటే, మీ వాళ్లు డెస్క్‌టాప్ మీద పెట్టినా అది సర్వర్‌లోనే పడుతుంది, వాళ్ల అలవాటు మార్చాల్సిన పని లేదు. అందులో ఎక్స్‌క్లూజివ్ రైట్స్ (ఫోల్డర్ ఆ యూజర్ ఒక్కరికే) అనే టిక్కు తీసేయడం మర్చిపోకండి. లేదంటే ఆ ఫోల్డర్లు మీరే తెరవలేరు.

ముందు రీడైరెక్షన్, తర్వాత డి లో ఉన్నది కాపీ చేయడం, ఆఖరున తాళం. ఈ వరుస తప్పితే గోల అవుతుంది.

జవాబు: కావలి నెట్‌వర్క్స్

పైన చెప్పింది కరెక్టే. ఒక్క సంగతి, నేను దెబ్బ తిని నేర్చుకున్నది. మీ దగ్గర అవుట్‌లుక్ పాప్ అకౌంట్లతో (మెయిల్స్ సిస్టమ్‌లోకే దించుకునే రకం) నడుస్తుంటే, ఆ మెయిల్స్ అన్నీ ఉండే పీఎస్‌టీ ఫైలు మామూలుగా డాక్యుమెంట్స్‌లోనే ఉంటుంది. డాక్యుమెంట్స్‌ను మళ్లించగానే అది కూడా సర్వర్ మీదకు వెళ్తుంది. నెట్‌వర్క్ మీద పీఎస్‌టీ తెరిచి వాడటాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు. మా క్లయింటు ఆఫీసులో వారం తిరక్కుండా ఒకాయన మెయిల్ ఫైలు పాడైంది. ముందే వాటిని లోకల్‌లో వేరే ఫోల్డర్‌కు మార్చి, ఆ ఒక్క ఫోల్డర్‌ను రాత్రిపూట స్క్రిప్టుతో సర్వర్‌కు కాపీ చేయించండి. టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా చూసుకోండి.

ఆఫ్‌లైన్ ఫైల్స్ కూడా చూడండి. రీడైరెక్షన్ పెడితే విండోస్ దానంతట అదే ఒక కాపీ లోకల్‌లో ఉంచుకుంటుంది. ల్యాప్‌టాప్‌లకు మంచిదే. డెస్క్‌టాప్‌లకైతే ఆపేయండి, సర్వర్ పడిపోయినప్పుడు ఒకే ఫైలుకు రెండు రూపాలు తయారవుతాయి. సర్వర్‌కూ స్విచ్‌కూ మంచి యూపీఎస్ తప్పనిసరి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మన వైపు కరెంటు ఎట్లా ఉండిందో గుర్తుందిగా.

జవాబు: సింగరాయకొండ అక్కౌంట్స్

నేను కంప్యూటర్ల మనిషిని కాదు, రొయ్యల కంపెనీలో అకౌంట్స్ రాస్తాను. మా ఆఫీసులో కూడా డి డ్రైవ్ మూశారు. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ మేడం డి లో ఎందుకు పెట్టుకున్నారో ఎవరైనా ఆవిడను అడిగారా? నేనైతే సర్వర్‌లో షీటు తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు కాబట్టి డి లో పెట్టుకునేదాన్ని. పైన మేనేజర్ గారు నిలబడి అడుగుతుంటే ఆ తెల్ల తెర చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో మాకే తెలుసు.

ఒంగోలు సిస్టమ్స్ మళ్లీ:

అందరికీ థ్యాంక్స్. అకౌంట్స్ మేడం గారూ, మీరు అడిగాకే వెళ్లి ఆవిడను అడిగాను. మీరు చెప్పిందే చెప్పారు, సర్వర్‌లో షీటు తెరుచుకోవడానికి నిమిషం పైన పడుతుందని. నాతో రెండేళ్ల కిందట ఒకసారి అన్నారట, నాకు గుర్తు లేదు. ఆవిడ టేబుల్ కింద వంగి చూస్తే, సిస్టమ్స్‌ను నెట్‌వర్క్‌కు కలిపే పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి ఉంది, దుమ్ము పట్టి. నాలుగు సిస్టమ్స్ దాని మీదే. దానికి పది రెట్లు వేగం ఉండే గిగాబిట్ స్విచ్ తెచ్చి, కేబుల్ కూడా మార్చాను. ఇప్పుడు అదే షీటు ఆరేడు సెకన్లలో వస్తోంది.

రీడైరెక్షన్ ముందు ఆ నాలుగు సిస్టమ్స్‌కే పెట్టాను. రెండిట్లో పీఎస్‌టీ ఉంది, కావలి అన్న చెప్పినట్టే పక్కకు మార్చాను. డి కి తాళం ఇంకా వేయలేదు. పాత కొలతలు టైప్ చేయడం అయ్యేదాకా ఆగమని ఆవిడ అడిగారు, సరేనన్నాను. ఈలోపు డి లో ఆవిడ టైప్ చేస్తున్న ఫోల్డర్ రోజూ రాత్రి సర్వర్‌కు కాపీ అవుతోంది, పొద్దున రాగానే లాగ్ చూసుకుంటున్నాను. ఇంకా పదకొండు నెలల పుస్తకాలు మిగిలాయి. సాయంత్రాలు నేను అంకెలు చదువుతుంటే ఆవిడ టైప్ చేస్తున్నారు.