రోజూ తిప్పతీగ కషాయం: థైరాయిడ్, షుగరు ఉన్నవారు తాగవచ్చా?

ప్రశ్న – కడప_కోడలు

పెద్దలకు నమస్కారం. కరోనా కాలంలో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయాన్ని మా అత్తయ్యగారు నేటికీ మానలేదు. పెరటి వేపచెట్టుకు అల్లుకున్న తీగ నుంచి జానెడు ముక్క కోసి, పైనున్న పలుచని పొర గీకేసి, రోట్లో దంచి, రెండు గ్లాసుల నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరిగించి పరగడుపున తాగుతారు. ఆవిడ థైరాయిడ్ తక్కువగా ఉన్నందుకు ఒక మాత్ర, షుగరుకు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఈ మధ్య ఆకలి లేదంటూ అన్నం సగంలోనే వదిలేస్తున్నారు. ఈ తీగ వల్ల కాలేయం దెబ్బతింటుందని చదివి భయపడి చెబితే, వేప మీద పాకిన తిప్పతీగ అమృతంతో సమానమని నన్నే కోప్పడ్డారు. మానిపించాలా?

జవాబు – పల్లె_వైద్యుడు (బీఏఎంఎస్)

అమృత అన్న పేరు దీనికి ఆయుర్వేద శాస్త్రంలో ఉన్నదే. గుడూచిని, అంటే తిప్పతీగనే, జ్వరాలకు, వాతరక్తానికి (కీళ్ళు వాచే జబ్బు), ప్రమేహానికి (షుగరు వంటి మూత్ర సంబంధ జబ్బులు), చివరకు కామెర్లకు కూడా చెప్పారు కనుక, కాలేయానికి మేలు చేస్తుందని పేరున్న మూలికే కాలేయాన్ని దెబ్బతీస్తుందంటే మావాళ్ళలో చాలామందికి మింగుడుపడదు. అయితే శాస్త్రం దాన్ని రోగాన్ని, రోగి బలాన్ని చూసి ఇవ్వమన్నదే తప్ప, కాఫీలాగా ఏళ్ళ తరబడి తాగమనలేదు. 2020 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన కోవిడ్ నియమావళిలో సైతం గుడూచీ ఘనవటిని (తిప్పతీగ సారంతో చేసిన మాత్రను) 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పదిహేను రోజులు లేదా ఒక నెల, లేదా వైద్యుడు చెప్పినట్లు వాడమన్నారు. ఆ గడువు మాట జనంలోకి వెళ్ళనే లేదు.

ముందు మీ పెరటి తీగను పరిశీలించండి. అసలు తిప్పతీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది, దాని మీద బుడిపెలు ఉండవు, కోస్తే పాలు కారవు. దీని దగ్గరి బంధువైన టినోస్పోరా క్రిస్పా కాండం బూడిద రంగులో, ఒళ్ళంతా చిన్న చిన్న బుడిపెలతో ఉంటుంది, కోస్తే పాలు వస్తాయి. రెండింటి ఆకులూ హృదయాకారంలోనే ఉంటాయి గనుక ఆకును చూసి నిర్ణయించకూడదు. వేప మీద పాకిందన్న ఒక్క గుర్తు ఏమాత్రం చాలదు.

జవాబు – మందుల_పరిశోధకురాలు

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ప్రచురించినప్పుడు, వాళ్ళు వాడిన మొక్క ఏదో సరిగా నిర్ధారించలేదని ఆయుష్ శాఖ ఆక్షేపించింది. ఆ మరుసటి సంవత్సరం దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి, తిప్పతీగ వాడాక ఇలాగే కాలేయం దెబ్బతిన్న 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. కనుక నెపమంతా వేరే తీగ మీదికి నెట్టేయడం నాకు సమ్మతం కాదు. వీరిలో చాలామంది జబ్బు, శరీరపు రోగనిరోధక శక్తి సొంత కాలేయం మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది. రోగనిరోధక శక్తిని పెంచుతుందని మనం మెచ్చుకునే గుణమే, అప్పటికే ఆ ధోరణి ఉన్నవారిలో ఎదురుతిరుగుతుందని వైద్యుల అనుమానం. థైరాయిడ్ మందగించడానికి చాలామందిలో మూలం ఈ ఆటోఇమ్యూన్ స్వభావమే కాబట్టి, మీ అత్తయ్యగారి విషయంలో ఇది కొట్టిపారేయదగ్గ సంగతి కాదు.

ఆకలి మందగించింది అన్నారు గనుక కషాయాన్ని ఈరోజే ఆపించి, బిలిరుబిన్, ఎస్‌జీపీటీలతో కూడిన కాలేయ పరీక్ష చేయించండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్ళంతా దురద పుట్టినా ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం చేయవద్దు. గ్లిమెపిరైడ్, తిప్పతీగ రెండూ చక్కెరను తగ్గించగలవు. పైగా తిండి సరిగా తినడం లేదు కాబట్టి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వంటివి కనబడితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. మాత్ర మోతాదును మాత్రం మీరు మార్చవద్దు, వైద్యుణ్ణే అడగండి.

కడప_కోడలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాండం పచ్చగానే ఉంది, బుడిపెలు లేవు. అత్తయ్యగారు కషాయం బదులు తిప్పసత్తు (తీగ నుంచి తీసిన పిండి) ఇమ్మంటున్నారు, ఇవ్వవచ్చా?

పల్లె_వైద్యుడు

పరీక్ష ఫలితం వచ్చేదాకా సత్తు, చూర్ణం, ఘనవటి ఏదీ వద్దు. అన్నీ ఆ తీగ నుంచి తీసినవే. కషాయం ఎంతకాలంగా తాగుతున్నారో కాలేయ వైద్యుడికి తప్పక చెప్పండి, వీలైతే తీగ ముక్క కూడా వెంట తీసుకువెళ్ళండి. నాటు మందు అంటే డాక్టరు తిడతారని చాలామంది ఈ మాటే దాచిపెడతారు, అప్పుడు ఆయన కారణం కోసం వేరే దారుల్లో వెతుకుతూ ఉండిపోతారు.