డెంటన్‌లో శనివారం రాత్రి, అనంతపురంలో ఆదివారం పొద్దున: సొంత పాటల కచేరీకి వాలంటీర్ల చర్చ

సమన్వయం, డెంటన్

అందరికీ నమస్తే. సొంత పాటల కచేరీ నవంబరు రెండో శనివారం పెడదామనుకుంటున్నాం. జనం ఇక్కడ టెక్సాస్‌లోని డెంటన్ హాలులో ఉంటారు, అనంతపురం జట్టు అక్కడి గదినుంచే ఇంటర్నెట్టులో వాయిస్తుంది. హాలుకు అడ్వాన్సు కట్టే ముందు గడియారం లెక్క చూసుకోండి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గంట వెనక్కి జరుపుతారు. అప్పటిదాకా టెక్సాస్‌కూ అనంతపురానికీ తేడా పదిన్నర గంటలు, ఆ తర్వాత పదకొండున్నర. మన సాయంత్రం ఏడు అంటే అక్టోబరులో వాళ్లకు తెల్లవారుజాము 5:30, నవంబరు రెండో వారంలో 6:30. ఇక్కడి పండగ కార్యక్రమాలతో కలిసిపోతుందని అక్టోబరే కావాలంటున్నవాళ్లు ఈ గంట సంగతి ఆలోచించండి.

వరుస ఇది. ఏడుకు ఇక్కడి విద్యార్థుల బ్యాండ్, 25 నిమిషాలు. 7:35కు అనంతపురం నుంచి ఉరుములు (ఆ పక్క జానపద తోలు వాయిద్యం), డప్పు, పాట, అరగంట. 8:15కు కీబోర్డు, మృదంగం, గాత్రం ముగ్గురూ. తొమ్మిదిలోపు అయిపోవాలి. అనంతపురం వాళ్లను నడుమ పెట్టడం కావాలనే. మొదట పెడితే మనవాళ్లు ఇంకా పార్కింగులోనే ఉంటారు. చివర పెడితే, లైను తెగిందంటే జనం లేచి వెళ్లిపోతారు. నడుమ ఉంటే మూడో జట్టును ముందుకు లాగొచ్చు.

సన్మానాలు, శాలువలు, ముఖ్య అతిథి ప్రసంగం లేవు. స్పాన్సర్ల పేర్లు జట్లు మారే పది నిమిషాల్లో తెరమీద వస్తాయి. 1947లోనే జాజ్ సంగీతానికి డిగ్రీ పెట్టిన యూనివర్సిటీ ఉన్న ఊరు ఇది. టికెట్టు కొని వచ్చే విద్యార్థులు పాట వినడానికి వస్తారు, మైకు టెస్టింగులు వినడానికి కాదు.

అనంతపురం వైపు

అన్నా, నవంబరే మేలు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకే కాదు, వాయిద్యం కూడా బయట మోగించకూడదు. తలుపులేసిన గది అయితే పర్వాలేదు గానీ, ఉరుము చప్పుడు తలుపుకు ఆగుతాదా? 6:30 తర్వాత అంటే ఎవురికీ ఇబ్బంది ల్యా. మా పక్క జనాన్ని పిలవడం ల్యా, స్పీకర్లు పెట్టడం ల్యా. అందరూ చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోని వాయిస్తారు.

కల్యాణమండపం మాత్రం వద్దప్పా. అది కార్తీకం, ముహూర్తాల కాలం, ఆఖరి నిమిషంలో పెండ్లోళ్లు వస్తే మనల్ని లేపుతారు. పైగా నేలంతా గ్రానైటు, కప్పు ఎత్తు. ఉరుము ఒక దెబ్బ పడితే గదంతా మోగుతానే ఉంటాది, పాట మాటలు ఒక్కటీ తెలీదు. ఇరవై అడుగులకు పదిహేను అడుగుల మామూలు గది చాలు. కింద జంఖానాలు, వెనక గోడకు రెండు బొంతలు, కిటికీకి ఒక పరుపు. గుడికి దగ్గర్లో గది వద్దనే వద్దు. కార్తీకంలో పొద్దన్నే గుడి మైకులో పాటలు వస్తాయి. అది మన మైకుల్లో పడితే వినేదానికి బాగుండదు, అదీగాక యూట్యూబ్‌లో పెట్టినాక ఆ పాట హక్కుదారు పేరుతో క్లెయిం వచ్చి కూచుంటాది. హైవే పక్కన గదీ అంతే, లారీల హోరు.

ఇంకొకటి. నవంబరు పొద్దున మంచుకు తోలు మెత్తబడతాది. డప్పును మంట దగ్గర కాచాల్సిందే. గది బయట వరండాలో కుంపటి, రెండు కట్టెలు. 6:45కు ఒకసారి, 7:00కు ఇంకొకసారి కాచాల. సౌండు చెక్ 6:30కు చేసి కాచకుండా వదిలేస్తే, 7:05కు వాయించేది వేరే శ్రుతిలో ఉంటాది.

సౌండ్, డెంటన్

ఒక విషయం ముందే తేల్చుకుందాం. రెండు ఊళ్లవాళ్లూ కలిసి ఒకే పాట వాయించడం కుదరదు. ఎంత మంచి ఇంటర్నెట్టు తెచ్చినా కుదరదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన మధ్య దూరం పద్నాలుగు వేల కిలోమీటర్ల పైనే. అంటే ఒకవైపు ప్రయాణానికే కనీసం 70 మిల్లీసెకన్లు, దారి మలుపులూ రౌటర్లూ కలిస్తే ఇంకా ఎక్కువ. తాళం కలవాలంటే ముప్పై దాటకూడదు. దాటితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఆగుతూ లయ ఈడ్చుకుపోతుంది. కాబట్టి వంతులవారీగానే. ఫైనల్‌లో అందరూ కలిసి ఒక పాట అనే ఆలోచన మానేయండి, దయచేసి మళ్లీ ఎత్తవద్దు.

లైను ఇలా. అనంతపురంలో నాలుగు మైకులు, వాటిని లాప్‌టాప్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, లాప్‌టాప్‌లో ఓబీఎస్ (బొమ్మనూ శబ్దాన్నీ కలిపి పంపే సాఫ్ట్‌వేర్). అక్కడినుంచి ఎస్‌ఆర్‌టీ పద్ధతిలో (దారిలో పోయిన ముక్కల్ని, అంటే ప్యాకెట్లను, మళ్లీ తెప్పించుకునే లైవు పద్ధతి) ఇక్కడి లాప్‌టాప్‌కు. ఎస్‌ఆర్‌టీ ఆలస్యాన్ని 1,200 మిల్లీసెకన్లకు పెట్టండి. తగ్గిస్తే పోయిన ప్యాకెట్లను మళ్లీ తెచ్చుకునే తీరిక ఉండక శబ్దం చిట్లుతుంది. వీడియో 720పీ, 3,000 కేబీపీఎస్ చాలు. ఆడియో 48 కిలోహెర్ట్జ్, 256 కేబీపీఎస్. జనం బొమ్మ కొంచెం మసకగా ఉంటే ఓర్చుకుంటారు, శబ్దం తెగితే ఓర్చుకోరు. అప్‌లోడు నికరంగా 8 ఎంబీపీఎస్ ఉండాలి, అదీ వైఫైలో కాదు, లాన్ వైరుతో.

జూమ్ సులువు కదా అని అడిగినవాళ్లకు: దాన్ని రెండో దారిగా ఉంచుకుందాం. కానీ సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే, అది ఉరుమును గది గోల అనుకుని నొక్కేస్తుంది. ప్రతిధ్వనిని తీసేసే ఎకో క్యాన్సలేషన్ కూడా ఆపేయాలి.

అనంతపురానికి మనం తిరిగి పంపే శబ్దంలో అనంతపురం శబ్దం ఉండకూడదు. మిక్సర్‌లో ఒక ఆక్స్ సెండ్ (శబ్దాన్ని విడిగా బయటికి పంపే దారి) తీసుకుని, వాళ్ల చానల్ తప్ప మిగతావన్నీ అందులోకి వదలాలి. అది మరిచిపోతే తమ గొంతే రెండు సెకన్ల తర్వాత హెడ్‌ఫోన్లలో వినిపించి గాయకుడు ఆగిపోతాడు. దూరపు కచేరీల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే, ఇంటర్నెట్టులో కాదు. ఇద్దరు సౌండు వాళ్ల మధ్య విడిగా ఒక వాట్సాప్ కాల్ మొదటినుంచి చివరిదాకా తెరిచే ఉండాలి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో.

అనంతపురం వైపు

మైకుసెట్టు అన్నతో మాట్లాడినాం. మైకులు, స్టాండ్లు, వైర్లు తెస్తాడు. ఆంప్లిఫయరు, బాక్సులు వద్దని, ఎకో మిషను అసలే వద్దని చెప్పినాం. ఆయప్పకు ఎకో లేని మైకు అంటే ఉప్పు లేని కూర మాదిరి, కొంచెం బాధపడినాడు.

కరెంటు సంగతి. లాప్‌టాపు, ఇంటర్‌ఫేసు, రౌటరు, ఫైబర్ డబ్బా అన్నీ కలిపినా 150 వాట్లు దాటవు, ఇంటి ఇన్వర్టరు గంటల తరబడి లాగుతాది. అయితే స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉండాల. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లోపల రౌటరు ఆగిపోయి మళ్లీ మొదలవుతాది, రెండు నిమిషాలు పాయె. సైన్ వేవ్ ఇన్వర్టరే కావాల, స్క్వేర్ వేవ్‌దైతే మైకుల్లో గుయ్యిమని రొద వస్తాది. రొద అయినా తగ్గకపోతే లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడాల. మా ఇండ్లలో ఎర్తింగు సరిగా ఉండదు, నూటికి తొంభై సార్లు రొద అక్కడినుంచే. రెండో కంపెనీ 5జీ సిమ్ము వేసిన ఫోను పక్కనే పెట్టుకుంటాం.

ఇదంతా పోయినా కార్యక్రమం ఆగకూడదంటే శుక్రవారం మాపటేల అదే గదిలో, అవే మైకులతో మొత్తం అరగంట వాయించి రికార్డు చేసి మీకు పంపుతాం. లైను తెగితే మీరు అదే వేయండి. కానీ లైవు అని అబద్ధం చెప్పొద్దు, నిన్నటి రికార్డింగని తెరమీద రాయండి.

ఖజానా

అక్కా, అన్నా, డబ్బు పంపే పద్ధతి తెలుసుకోండి. మన సంఘం ఇక్కడ రిజిస్టరైన సంస్థ. అనంతపురంలోని ఏ కళాసంఘానికైనా మన ఖాతానుంచి విరాళంగా పంపితే అది విదేశీ విరాళం అవుతుంది. వాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ (ఇండియాలోని విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. చిన్న బృందాలకు అవి ఉండవు. కాబట్టి విరాళం కాదు, వాయించిన పనికి పారితోషికం. ఒక్కో కళాకారుడి ఖాతాకు విడిగా, ఇన్వాయిస్ మీద. ఒక్కొక్కరి దగ్గర డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా పన్నుల కోసం తాము విదేశీయులమని చెప్పే కాగితం) సంతకం తీసుకోవాలి. వాళ్లు పని చేసేది ఇండియాలో కాబట్టి ఇక్కడి ఆదాయంగా లెక్కకు రాదు, కానీ కాగితం మన దగ్గర ఉండాలి. పంపే ముందు రెండువైపులా ఆడిటరుకు చూపించేద్దాం.

ఇక్కడి విద్యార్థుల బ్యాండ్‌లో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు డబ్బు ఇవ్వకండి. పెట్రోలు ఖర్చుల పేరుతో కవరు కూడా వద్దు. అది వాళ్ల వీసా మీదికి వస్తుంది. ముందు వాళ్ల యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడిగి రమ్మనండి.

సినిమా పాటలు పాడతామని ఒక జట్టు అడిగింది. హాలుకు ఆస్కాప్, బీఎంఐ (పాటల హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే అమెరికా సంస్థలు) లైసెన్సులు ఉన్నా అవి హాలులో పాడడానికే, రికార్డింగు ఆన్‌లైన్‌లో పెట్టడానికి కాదు. అందుకే సొంత పాటలు, జానపదాలు మాత్రమే. జానపదమైనా ఎవరో రికార్డు చేసిన బాణీని, సంగీతాన్ని మక్కికి మక్కి దింపకూడదు. ప్రతి జట్టు దగ్గరా రికార్డింగుకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

సౌండ్, డెంటన్

150 మంది గదికి రెండు 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు, లోతు శబ్దానికి ఒక సబ్, వేదిక మీద వాయించేవాళ్లు వినడానికి రెండు మానిటర్లు, 16 చానళ్ల డిజిటల్ మిక్సరు, గాత్రానికి ఆరు ఎస్‌ఎం58 మైకులు, వాయిద్యాలకు రెండు ఎస్‌ఎం57 మైకులు, వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే నాలుగు డీఐ బాక్సులు. డ్రమ్ సెట్టు, బేస్ ఆంప్ ఒక్కొక్కటే తెచ్చి అందరూ వాడుకోవాలి. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం డ్రమ్మరే తెచ్చుకుంటాడు. ఎస్‌ఎం58కు మానిటరు సరిగ్గా మైకు తోక వెనక ఉండాలి. గాయకులు మైకు తలను గుప్పిట్లో పట్టుకుంటే కూత పెడుతుంది, ముందే చెప్పండి.

సౌండు చెక్ తిరగేసి: చివరి జట్టు మొదట, మొదటి జట్టు ఆఖర. అప్పుడు మొదటి జట్టు సామాను వేదిక మీద కదలకుండా ఉండి, ఏడుకు టంచనుగా మొదలుపెట్టొచ్చు. మధ్యాహ్నం మూడుకు సామాను లోపలికి, నాలుగున్నరకు చెక్, ఆరున్నరకు తలుపులు. అనంతపురం లైను ఆరుకే పరీక్ష. అక్కడ 5:30 కాబట్టి చప్పట్లు, మాటలు చాలు, వాయిద్యాలు 6:30 తర్వాతే. ప్రొజెక్టరు వల్ల బొమ్మ కాస్త వెనకబడుతుంది. ఆ చప్పట్లతోనే పెదవులకూ శబ్దానికీ పొత్తు చూసి, మిక్సర్‌లో వాళ్ల చానల్‌కు ఆలస్యం కలుపుతా.

ఇండియానుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెల్లో కొన్ని 230 వోల్టులకే, ఇక్కడి 120కి పనిచేయవు. ఫోనులో తంబూరా యాప్ పెట్టి డీఐలోకి ఇవ్వండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే ఆలాపన నడుమ ఎవరో ఒకరు ఫోను చేస్తారు.

మిక్సర్ దగ్గర శబ్దం సగటున 90 డెసిబెల్ చుట్టూ ఉంచుతా. 100 దగ్గర పావుగంట మించి చెవులకు మంచిది కాదు. పిల్లలు వస్తారు కాబట్టి గుమ్మం దగ్గర నురుగు ఇయర్‌ప్లగ్గులు రెండొందల జతలు.

వంట

ఉగ్గాని, కారప్పొడి, టీ. బజ్జీ లేదు, హాలులో నూనె కాగబెట్టనివ్వరు. 150 మందికి బొరుగులు 8 కిలోలు. ఉల్లి, పచ్చిమిర్చి, టమోటా తాలింపు ముందే చేసి తెస్తాం. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, పుట్నాలపొడి కలిపేది తలుపులు తెరిచే అరగంట ముందే. ముందుగా కలిపితే ముద్దయిపోతుంది. బయటి వంట అనుమతిస్తారో, తమ కేటరింగే వాడాలంటారో హాలువాళ్లను అడిగింది ఎవరు?

సౌండ్, డెంటన్

అక్కా, టీ కెటిల్ ఏ ప్లగ్గులో పెడతారో నాతో చెప్పి పెట్టండి. ఆ పెద్ద కెటిల్ 1,500 వాట్లు. ఇక్కడి మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లు, అంటే మొత్తం 1,800 వాట్లు. స్పీకర్లున్న సర్క్యూట్ మీదే కెటిల్ పెడితే బ్రేకర్ పడి కచేరీ మొత్తం నిశ్శబ్దం. ఏ ప్లగ్గు ఏ బ్రేకరుదో శుక్రవారం వెళ్లి చూసి కాగితం అంటిస్తా.

సమన్వయం, డెంటన్

కేటరింగు సంగతి, బీమా సర్టిఫికెట్ సంగతి సోమవారం నేనే అడుగుతా. హాలువాళ్లు సాధారణంగా పది లక్షల డాలర్ల లయబిలిటీ బీమా (ఎవరికైనా నష్టం జరిగితే కట్టేది) అడుగుతారు. ఆహ్వానంలో తలుపులు 6:30, పాట 7:00 అని రెండు టైములూ వేయండి. ఆలస్యంగా వచ్చినవాళ్లను పాట నడుమ కాకుండా పాట అయ్యాక లోపలికి పంపడానికి గుమ్మం దగ్గర ఇద్దరు కావాలి. వైర్లన్నీ గోడవెంటే, దాటే చోట గాఫర్ టేపు (పీకినా జిగురు మిగలని గుడ్డ టేపు). డక్ట్ టేపు వేస్తే జిగురు నేలకు అంటుకుని డిపాజిట్ పోతుంది. గాఫర్ టేపు రోల్సు ఎవరి కారులో ఉన్నాయో ఇక్కడే రాయండి.