చేత్తో కుట్టే బొంత ముందుకు సాగాలంటే మీరేం చేస్తున్నారు? (కలంకారి అతుకు పని)

తిరుచానూరు_నీలి:
అందరికీ నమస్కారం. సింగిల్ కాట్‌కు సరిపోయే బొంత ఒకటి పూర్తిగా చేత్తో కుడుతున్నాను. 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు. లేత గోధుమరంగు కాటన్‌ను, కలిపాక 15 అంగుళాలు వచ్చేలా చదరాలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద కలంకారి గుడ్డలోంచి తీసిన నెమలో, తామరో, మామిడి పిందెల గుత్తో అతుకుతున్నాను. అంచు లోపలికి మడిచి, కుట్టు పైకి కనిపించకుండా. మొత్తం 24 చదరాలు కావాలి, మూడో వంతు కూడా కాలేదు. మా అక్క కూతురి పెళ్లి మాఘమాసంలో అనుకుంటున్నారు. అప్పటికి దాని చేతిలో పెట్టాలని నా ఆశ.

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక గంట దొరుకుతుంది. ఆ గంటలో ఒక తామర రేకు పూర్తయితే గొప్ప. కుడుతున్నంతసేపు హాయిగానే ఉంటుంది, మిగిలింది తలుచుకుంటేనే టెన్షన్. మిషన్ మీద జిగ్‌జాగ్ వేసెయ్యమని ఇంట్లో అంటున్నారు, నాకు ఇష్టం లేదు. ఇంత పెద్ద చేతిపని పూర్తి చేసినవాళ్లు ఎట్ల ముందుకు తీసుకెళ్లారో చెప్పండి.

కొర్లగుంట_అక్క:
నీలీ, ఆ గంటలో అసలు కుట్టు ఎంతసేపు పడుతోందో ఒకసారి చూసుకోమ్మా. కత్తెర వెతకడం, ఏ బొమ్మ తీసుకోవాలా అని ఆలోచించడం, దారం రంగు కలపడం, సూదిలోకి ఎక్కించడం... సగం అక్కడే పోతుంది. నేను ఈ పనులన్నీ ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకుంటాను. వారానికి సరిపడా బొమ్మలు కత్తిరించి, చదరాల మీద పరిచి టాకాలు వేసేస్తాను. ఒక్కో చదరం ఒక్కో జిప్ కవర్లో, దానికి కావాల్సిన దారంతో సహా. రాత్రి కూర్చున్నాక ఆలోచించే పనే ఉండకూడదు.

సూదులు కూడా ముందే సిద్ధం చేసుకో. ఎనిమిదో పదో సూదులు వరసగా ఒకే దారానికి ఎక్కించి రీలుకే ఉంచేయ్. కావాల్సినప్పుడు చివరి సూదిని పట్టుకుని మూరెడు దారం లాగి కత్తిరించడమే. మూరకు మించితే దారం గుడ్డలోంచి వెళ్లి వెళ్లి నూగు లేస్తుంది, ముడి పడుతుంది. ముడి విప్పుతూ కూర్చునే టైమ్ కన్నా మళ్లీ సూది తీసుకునే టైమ్ తక్కువ.

ఇంకో మాట. రాత్రి ఆపేటప్పుడు రేకు పూర్తిచేసి ఆపకు. మధ్యలో, చేయి బాగా సాగుతున్న చోట ఆపు. మరుసటి రోజు ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న రాదు.

ఎమ్మార్‌పల్లి_పిన్ని:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క జాగ్రత్త: మధ్యలో ఆపితే సూదిని గుడ్డకే గుచ్చి వదలొద్దు. మనకు అక్టోబర్, నవంబర్ వానల్లో గాలంతా తేమ. సూది తుప్పు లేత రంగు గుడ్డకు అంటితే వదలదు. సూదిని తీసి సూదుల దిండుకు గుచ్చుకోండి, గుండుసూదులు కూడా అంతే.

చిత్తూరు_టైలరన్న:
మాది చిత్తూరులో టైలరింగ్ షాపు. పని పెద్దదనే భయం పోవాలంటే లెక్క వేయాలమ్మా. అతుకు పని ఎంత మిగిలిందో మీకు కంటికి కనిపిస్తోంది. చదరాలన్నీ కలిపాక పైగుడ్డ, లోపలి పొర, అస్తరు మూడింటినీ కలిపి వేసే బొంత కుట్టు ఎంతుందో చూశారా?

రెండంగుళాలకో వరస అనుకోండి. 60 అంగుళాల వెడల్పుకు 30 వరసలు, ఒక్కోటి 90 అంగుళాలు. మొత్తం 2,700 అంగుళాలు, అంటే 75 గజాలు. అదే మూడంగుళాలకో వరస అయితే 20 వరసలు, 50 గజాలు. అడ్డంగా కూడా వేసి గళ్లు చేయాలంటే ఇంచుమించు రెట్టింపు. ఇప్పుడు ఒక పాత గుడ్డ మీద గజం పొడవు కుట్టి, గడియారం చూసుకోండి. మీ చేతి వేగం తెలిసిపోతుంది. మాఘం నుంచి వెనక్కి లెక్కపెడితే చదరాలు ఎప్పటికి పూర్తికావాలో అదే చెప్తుంది.

చదరాలను ఒకదానికొకటి కలపడం మాత్రం మిషన్ మీద వేసుకోండి. నిలువు అతుకులు మూడు, అడ్డం ఐదు, మొత్తం 570 అంగుళాలు. మిషన్‌కు అది ఒక పూట పని. ఆ కుట్టు లోపలే ఉండిపోతుంది, పైకి కనపడదు. మీ చేతి కళంతా అతుకు పనిలోనే ఉంది.

బొంతల_మనవరాలు:
అన్నా, లెక్క బాగుంది. మిషన్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. నీలి అక్క మొదటి వాక్యంలోనే "పూర్తిగా చేత్తో" అన్నారు. ఆ 570 అంగుళాలు చేత్తో కుట్టినా మునిగిపోయేదేమీ లేదు. చదరాల అంచులు ఒళ్లో పట్టేంత పని, టీవీ ముందు కూర్చుని కూడా అయిపోతుంది. ఇచ్చేటప్పుడు "ఇందులో ప్రతి పోగూ నా చేత్తో కుట్టిందే" అని చెప్పుకోవాలని ఉంటే అది ఆమె ఇష్టం.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా అవ్వ పాత చీరలతో బొంతలు కుట్టేది. బండల మీద అస్తరు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చీరలు పొరలు పొరలుగా వేసి, మధ్య నుంచి అంచులకు గుడ్డను అరచేత్తో తోస్తూ పొడుగు టాకాలు వేసేవాళ్లు. నాలుగు వైపులా నలుగురు కూర్చుంటే టాకాల పని పొద్దు వాలేలోగా అయిపోయేది. ఈ ఒక్క పని మాత్రం ఒంటరిగా పెట్టుకోవద్దు అక్కా. ఇరుగుపొరుగును పిలవండి, ఒక పూట కాఫీ పెట్టి కూర్చోబెట్టండి.

లోపల ఏం పెడుతున్నారు? దూది షీటు కొనాలనుకుంటే ఇంకోసారి ఆలోచించండి. తిరుపతి ఎండలకు అది బరువు, పైగా దూది జరగకుండా వరసలు దగ్గర దగ్గరగా వేయాలి. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ చీర రెండు పొరలు పెడితే చాలు. గుడ్డ ఎక్కడికీ జరగదు కాబట్టి టైలరన్న చెప్పిన మూడంగుళాల వరస నిక్షేపంగా సరిపోతుంది. పాత వెంకటగిరి కాటన్ చీర దొరికితే సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. పాలిస్టర్ కలిసిన బెడ్‌షీట్‌ను మాత్రం అస్తరుకు వాడొద్దు. నేత బిగువుగా ఉండి ప్రతి కుట్టుకూ వేలు నొస్తుంది. పని నెమ్మదించడానికి చాలాసార్లు కారణం ఆ అస్తరే.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్లు కవంది అని బొంత కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, పాత గుడ్డముక్కలు ఒక్కోటీ పేర్చుకుంటూ చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. ముక్క అతకడం, బొంత కుట్టడం ఒకేసారి అయిపోతాయి. ఈ బొంతకు ఆ పద్ధతి పనికిరాదు కానీ, మిగిలిన ముక్కలతో చిన్నపిల్లల బొంత చేయాలంటే అంతకన్నా తొందరగా పూర్తయ్యే చేతిపని నాకు తెలియదు.

కాళహస్తి_కలం:
కలంకారి మాట వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను. మా ఇంట్లో ఈ పనే.

ముందు మీ గుడ్డ ఏదో చూసుకోండి. శ్రీకాళహస్తి పని కలంతో చేత్తో గీసింది, గీత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పెడన, మచిలీపట్నం వైపుది చెక్క అచ్చు. ఈ రెండూ కాకుండా స్క్రీన్ ప్రింట్‌ను కూడా బజారులో కలంకారి అనే అమ్ముతున్నారు. మా పనిలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతాం. నల్ల గీత ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది. కరక్కాయ తగిలి అది నల్లబడుతుంది. అందం దానిదే, ఇబ్బందీ దానిదే. ఏళ్లు గడిస్తే ఇనుము ఉన్న చోట గుడ్డ పెళుసవుతుంది. పాత గుడ్డల్లో నల్ల గీత వెంబడే చిరుగులు కనిపిస్తాయి. కాబట్టి సరిగ్గా నల్ల గీత మీదే మడత పెట్టకండి. గీత బయట, బొమ్మ చుట్టూ ఉన్న గుడ్డ ఒక వెంట్రుకవాసి వదిలి మడవండి. పాత దుపట్టా అయితే బొమ్మ కింద పల్చటి మల్ గుడ్డ ఒక పొర వేసి కుట్టండి.

కత్తిరించే ముందు ఒకసారి చన్నీళ్లలో విడిగా జాడించి నీడలో ఆరేయండి. రంగు దిగేది ఏమైనా ఉంటే అప్పుడే దిగిపోవాలి, లేత గుడ్డ మీద కుట్టాక కాదు.

మీరు చేస్తున్న పనికి పెద్ద చరిత్ర ఉందమ్మా. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పువ్వుల గుడ్డలంటే ఐరోపాలో పిచ్చి. అక్కడి నేతగాళ్ల గొడవతో ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1701 నుంచి దిగుమతిని ఆపింది, 1721 చట్టంతో వాడకాన్నీ ఆపింది, 1774లో గానీ వదల్లేదు. అంత ఖరీదైన గుడ్డలో చిన్న ముక్క కూడా పారేయబుద్ధి కాక, పువ్వులూ పిట్టలూ కత్తిరించి తెల్లగుడ్డ మీద దూరం దూరంగా అతికి దుప్పట్లు చేసుకున్నారు. బ్రాడెరీ పెర్స్ అంటారు ఆ పనిని. వాళ్లు చాలాచోట్ల అంచు మడవకుండా, కత్తిరించిన అంచు మీదే సన్నగా కాజా కుట్టు వేసేవారు. మీ నెమలి పింఛం, తామర కాడల దగ్గర అదే చేయండి. సన్నటి చోట మడత కోసం అవస్థ పడే సాయంత్రాలు మిగులుతాయి, పైగా అసలు సంప్రదాయంలోనే ఉంటుంది.

తిరుచానూరు_నీలి:
అందరికీ చేతులెత్తి దండం. కాళహస్తి అన్నా, కాజా కుట్టు మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది. పింఛం ఉన్న చదరాలే నన్ను ఎక్కువ భయపెట్టేవి. కొర్లగుంట అక్కా, మామిడి పిందె మొన దగ్గర నాకు గుడ్డ ముద్దలా వస్తోంది, అక్కడే చాలాసేపు పోతోంది. మీరెట్ల తిప్పుతారు?

కొర్లగుంట_అక్క:
మడతకు వదిలే గుడ్డ తగ్గించు నీలీ. గీత బయట మూడు మిల్లీమీటర్లు, మహా అయితే ఐదు. అంతకు మించి ఉంటే మొన దగ్గర దాక్కోవడానికి దానికి చోటు ఉండదు.

ఒక వైపు నుంచి కుట్టుకుంటూ మొన దాకా రా. సరిగ్గా మొన మీద ఒక కుట్టు వేసి, అదే చోట ఇంకోటి వేసి బిగించు. ఇప్పుడు రెండో వైపు గుడ్డ తోకలా బయటికి తేలి ఉంటుంది. ఆ తోకలో మిగులు కత్తిరించేయ్, దారం తెగకుండా చూసుకో. సూది మొనతో దాన్ని అడ్డంగా కిందికి తోసి, బొటనవేలితో రెండు క్షణాలు నొక్కి పట్టు. సూది జారుతుంటే తడిపిన పళ్లపుల్ల వాడు, గుడ్డ దానికి అంటుకుని చెప్పినట్టు వింటుంది. దారం కొద్దిగా లాగితే మొన తేటగా నిలబడుతుంది. తర్వాత రెండో వైపు దిగిపోవడమే.

లోపలికి వంగిన చోట చిన్న గాట్లు పెట్టు, గీతకు రెండు పోగుల ఇవతలే ఆపు. బయటికి ఉబ్బిన చోట గాట్లు పెట్టకు, అక్కడ మూలలు తేలతాయి. దారం ఎప్పుడూ బొమ్మ రంగుదే ఉండాలి, కింది గుడ్డ రంగుది వేస్తే ప్రతి కుట్టూ బయటపడుతుంది.

ఎమ్మార్‌పల్లి_పిన్ని:
ఇంత చేయాలంటే ఒళ్లు సహకరించాలి కదా తల్లీ. వెలుతురు ఎడమ భుజం మీదుగా పడేలా కూర్చో (ఎడంచేతి వాటమైతే కుడి వైపు నుంచి). ఒళ్లో ఒక దిండు పెట్టుకుని దాని మీద పని పెట్టు, మెడ అంత వంగదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసి, దూరంగా ఏదైనా చూసి రా. నలభై దాటితే దగ్గర చూపు అద్దాలు చూపించుకోవడానికి మొహమాటపడొద్దు. చాలామందికి పని నెమ్మదించేది చేతి వల్ల కాదు, కంటి వల్లే.

బొంత కుట్టు దగ్గరికొచ్చాక మధ్యవేలికి తొడుగు తప్పనిసరి. పొట్టి సూది, నంబర్ 9 లేదా 10 తీసుకుంటే ఒకేసారి మూడు నాలుగు కుట్లు ఎక్కించొచ్చు. రింగులో బిగిస్తే గుడ్డ మరీ బిర్రుగా వద్దు, కింది నుంచి వేలితో ఎత్తేంత వదులు ఉండాలి. అంగుళానికి ఆరేడు కుట్లు సమానంగా పడితే చాలు. పన్నెండు వేసిన ఫొటోలు చూసి బెంగ పడకు.

ఎండాకాలంలో మాత్రం పెద్ద బొంతను ఒళ్లో వేసుకోలేవు. చెమటకు సూది జారుతుంది, గుడ్డకు మరకలు. ఇప్పుడు చిన్న చదరాలు, చల్లబడ్డాక పెద్ద పని. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే వరస.

తిరుచానూరు_నీలి:
అయితే నా ప్లాన్ ఇదీ. దసరాలోపు చదరాలన్నీ. కార్తీకంలో కలపడం, చేత్తోనే (టైలరన్నా, ఏమీ అనుకోకండి). టాకాలకు మా వీధిలో ముగ్గురిని ఇప్పుడే అడిగేశాను, ఒప్పుకున్నారు. మార్గశిరం, పుష్యం బొంత కుట్టుకు, మూడంగుళాల వరసలు. గజం కుట్టి చూశాను, రోజుకు ఒక వరస పడుతుంది. పండగ రోజులు తీసేసినా సరిపోతుంది.

చివర్లో చుట్టూ వేసే పట్టీకి గుడ్డ ఎంత కొనాలి? అదే రంగు మళ్లీ దొరుకుతుందో లేదో, ఇప్పుడే తీసిపెట్టుకుందామని.

చిత్తూరు_టైలరన్న:
ఏమీ అనుకోనమ్మా, చేత్తోనే కలపండి. కలిపాక అతుకులన్నీ ఒకే వైపుకు ఇస్త్రీ చేస్తే గట్టిగా నిలుస్తుంది.

పట్టీకి: చుట్టుకొలత 300 అంగుళాలు, మూలలకూ అతుకులకూ కలిపి 320 అనుకోండి. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీని రెండుగా మడిచి వేస్తే అంచు ఎక్కువ కాలం ఆగుతుంది, బొంతకు ముందు అరిగేది అంచే కదా. 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా కత్తిరిస్తే 8 పట్టీలు కావాలి, అంటే 20 అంగుళాల గుడ్డ. ముప్పావు మీటరు తీసుకోండి, ఉతికితే కుదించుకునేదానికి కూడా సరిపోతుంది. అంచులు నేరుగానే ఉన్నాయి కాబట్టి క్రాస్ పట్టీ అక్కర్లేదు. పట్టీల అతుకు మాత్రం ఏటవాలుగా వేయండి, ఒకేచోట మందం చేరదు. కొన్న వెంటనే ఒకసారి తడిపి ఆరేసి పెట్టుకోండి.