రెండేళ్లలో తొమ్మిది అంగుళాలు పెరిగాడు, ఎవరైనా చెప్పండి

చిన్నోడి అమ్మ:
బాబుకి పదకొండేళ్లు, అప్పుడే నన్ను దాటేశాడు. మేమిద్దరం పొట్టివాళ్లమే. ప్రతి పుట్టినరోజుకీ గుమ్మం మీద పెన్సిల్‌తో గీత గీస్తాం. ఇదివరకు ఏడాదికి రెండంగుళాలు ఉండేది, ఈ రెండేళ్లూ నాలుగున్నర చొప్పున ఉంది. "తాడిచెట్టులా ఎదుగుతున్నాడు, దిష్టి తియ్యి" అంటారు అత్తయ్య. తలనొప్పి అంటున్నాడు. రాస్తుంటే అరచేతి చెమటకి నోట్‌బుక్ తడిసిపోతోంది.

పాప నాన్న, విజయనగరం:
ఆ గీతలు తేదీలతో సహా రాసుకుని పిల్లల ఎండోక్రినాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి చూపించండమ్మా. మా పాపకి ఈడు తొందరగా వస్తోందని ఒకాయన అంటే నమ్మి మూడేళ్లు పోగొట్టుకున్నాం. అసలు కారణం, ఎదుగుదలని నడిపే గ్రోత్ హార్మోన్ ఎక్కువవడం. అది రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఒక్కసారి రక్తం తీసి చూస్తే తేలదు. అందుకే ముందు ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల ఒంట్లో తయారయ్యే ఇంకో హార్మోన్) పరీక్ష, వయసుని బట్టి పోల్చి చూస్తారు. మా పాపకి అది బాగా ఎక్కువొచ్చింది. తర్వాత పరగడుపున గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల పాటు అరగంటకోసారి రక్తం తీశారు. మామూలుగా అయితే హార్మోన్ పడిపోవాలి, పడలేదు. ఎంఆర్ఐలో, మెదడు కింద ఈ హార్మోన్ తయారుచేసే పిట్యుటరీ గ్రంథిలో గడ్డ కనిపించింది. క్యాన్సర్ కాదు. ముక్కులోంచి వెళ్లి తీశారు, తల కోయలేదు.

పొడుగు తమ్ముడు:
నాకు ఆపరేషన్ అయ్యాక కూడా గడ్డ కొంత మిగిలింది, హార్మోన్ తగ్గడానికి 28 రోజులకోసారి ఇంజెక్షన్. పెరిగిన ఎత్తు తగ్గదు అక్కా, అందుకే ఆలస్యం చెయ్యకండి. 272 సెంటీమీటర్లు పెరిగిన అమెరికా వాసి రాబర్ట్ వాడ్లో 1940లో 22 ఏళ్లకే పోయాడు. కాళ్లకి స్పర్శ సరిగా లేక, కాలికి ఊతంగా వేసుకున్న బ్రేస్ ఒరుసుకుని లేచిన బొబ్బకి చీము పట్టింది. అప్పట్లో ఈ మందులు లేవు. స్కూల్లో నన్ను జిరాఫీ అనేవాళ్లు, ఇంట్లో చెప్పేవాణ్ణి కాదు. బాబుని అడగండి.

పీజీ డాక్టర్:
కంగారు పడకండి, ఇలా గడ్డ వల్ల ఎత్తు పెరగడం చాలా అరుదు. పొడుగ్గా ఉండే పిల్లల్లో ఎక్కువ మందికి అది వంశంలోనే ఉంటుంది. కానీ ఇద్దరూ పొట్టి అంటున్నారు, పైగా తలనొప్పి. ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంతవరకు ఎదిగాయో చూడటానికి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. గడ్డ కంటి నరాన్ని నొక్కితే రెండు పక్కల చూపు తగ్గుతుంది. తలుపులకి గుద్దుకుంటున్నాడా?

చిన్నోడి అమ్మ:
క్యారమ్స్ ఆడుతూ పక్కనే ఉన్న కాయిన్ కోసం వెతుక్కున్నాడు. పరధ్యానం అని తిట్టాను. గుమ్మం ఫోటో తీసుకున్నా, రేపు పొద్దున్న బస్సుకే బయల్దేరుతున్నాం.